పాత కమాండ్‌ను దిద్దేటప్పుడు... ఎంటర్‌కు ముందు ఒక్క చూపు

విశాఖపట్నానికి ఇనుప ఖనిజం మోసుకొచ్చే కొత్తవలస–కిరందుల్ రైలు మార్గంలో ఛత్తీస్‌గఢ్‌లోని బచేలి, కిరందుల్ ఇరుగుపొరుగు పట్టణాలు. ఈ రెండింటి వర్షపాతం లెక్కలు మన కంప్యూటర్‌లో ఉన్నాయనుకుందాం. ‘బచేలి-రోజులు’ ఫైలు చదివి, సగటు కట్టి, ‘బచేలి-సగటు’ ఫైలులో రాయమని ఒక పొడవైన కమాండ్ ఇచ్చాం. ఇప్పుడు కిరందుల్‌కూ అదే పని చేయాలి. మళ్లీ అంతా టైప్ చేయాలా?

అక్కర్లేదు. లైనక్స్‌లో మన కమాండ్లను అందుకుని నడిపించే ప్రోగ్రామ్ పేరు షెల్. అది పాత కమాండ్లను గుర్తుంచుకుంటుంది. వాటిని దిద్దడానికి రెండు దారులున్నాయి.

గుర్తులతో దిద్దడం

1970ల చివర్లో అమెరికాలోని బర్క్‌లీలో బిల్ జాయ్ రాసిన సీ షెల్‌తో ఈ పద్ధతి వచ్చింది. !! అని కొడితే కిందటి కమాండ్ మళ్లీ నడుస్తుంది. ^బచేలి^కిరందుల్ అని కొడితే అందులో బచేలి స్థానంలో కిరందుల్ చేరుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. ఈ మార్పు మొదట కనిపించిన చోట మాత్రమే జరుగుతుంది. మన కమాండ్‌లో బచేలి రెండుసార్లు ఉంది. అంటే షెల్ కిరందుల్ లెక్కలు చదివి, ఫలితాన్ని ‘బచేలి-సగటు’లోనే రాస్తుంది. ఫలితాన్ని > గుర్తుతో ఫైలులోకి పంపితే, మామూలుగా పాత ఫైలు అడగకుండానే చెరిగిపోతుంది. తప్పు జరిగిందన్న సందేశమూ రాదు.

కళ్ల ముందే దిద్దడం

1980ల్లో డేవిడ్ కార్న్ రాసిన షెల్‌లో, పాత వరుసను తెరమీదికి తెచ్చుకుని నేరుగా దిద్దే వీలు వచ్చింది. 1989లో బ్రయాన్ ఫాక్స్ విడుదల చేసిన బాష్ షెల్‌లో రెండు పద్ధతులూ ఉన్నాయి. పై బాణం మీట నొక్కితే పాత కమాండ్ వస్తుంది. కంట్రోల్-ఎ వరుస మొదటికి, కంట్రోల్-ఇ చివరికి తీసుకెళ్తాయి. కంట్రోల్-ఆర్ నొక్కి రెండు మూడు అక్షరాలు కొడితే ఎప్పటిదో కమాండ్ దొరుకుతుంది.

గుర్తులే అలవాటైన వారికి బాష్‌లో ‘హిస్ట్‌వెరిఫై’ అనే అమరిక ఉంది. దాన్ని ఆన్ చేస్తే, మార్చిన కమాండ్‌ను షెల్ వెంటనే నడపదు. ముందు చూపించి, మన ఎంటర్ కోసం ఆగుతుంది.

పాత కమాండ్ టైపింగ్ శ్రమను తగ్గిస్తుంది. చదివే బాధ్యత మాత్రం మనదే.