థాయి వారితో వియ్యం

చెన్నపట్నం నుంచి బాంకాకుకు విమానంలో మూడు గంటలకు కాస్త పైచిలుకు ప్రయాణం. చెన్నపట్నం నుంచి బరంపురానికి రైలులో పోవడానికి అంతకు నాలుగింతలకు పైగా కాలం పడుతుంది. ఇంత దగ్గరి దేశానికి మన పిల్లలు ఉద్యోగాలకు వెళ్తున్నారు. వెళ్లినవారిలో కొందరు అక్కడి పిల్లను ఇష్టపడి, “అమ్మా, ఈ అమ్మాయినే చేసుకొంటాను” అని ఒకనాటి రాత్రి ఫోనులో చెబుతున్నారు. ఆ మాట విన్న ఇంట్లో మొదట పుట్టేది భయం, ఆ వెనుక పుట్టేవి వంద ప్రశ్నలు. భయానికి మా దగ్గర మందు లేదు. ప్రశ్నలలో కొన్నింటికి మాత్రం జవాబులున్నాయి. అవి ముహూర్తం పెట్టుకోక ముందే తెలిసి ఉండడం మంచిదని మా ఉద్దేశం.

మనవారు ముందుగా కంగారుపడేది పెళ్లి తంతు గురించి. నిజానికి అన్నిటికన్న సులువైనది అదే. ఉదయం భిక్షువులు వచ్చి పాలీ భాషలో పరిత్తాలు చదువుతారు. వారికి భోజనం సమర్పిస్తారు. తరువాత వరుని పక్షం వారు ఊరేగింపుగా ఆడపెళ్లివారింటికి వస్తారు. దానికి ‘ఖన్ మాక్’ అని పేరు. ఖన్ అంటే గిన్నె, మాక్ అంటే పోకచెక్క. తాంబూలం లేనిదే అక్కడా పెళ్లి కదలదన్నమాట! గుమ్మం దగ్గర పెళ్లికూతురి చెల్లెళ్లు, స్నేహితురాళ్లు గొలుసు అడ్డంపట్టి, చేతిలో కవరు పడితేగాని లోపలికి పోనివ్వరు. మన ఆడపడుచుల సంగతి తెలిసినవారికి ఇందులో వింతేమీ తోచదు. ఆపైన వధూవరుల తలలకు నూలుదారపు వలయాలు తగిలించి, రెండింటినీ ఒకే దారంతో కలిపి, పెద్దలు ఒక్కొక్కరుగా వచ్చి శంఖంతో వారి చేతులమీద నీరు పోసి దీవిస్తారు. ఈశాన్య ప్రాంతంలో మణికట్టుకు దారాలు కడతారు. కంకణం కట్టుకొనే మనకు దాని అర్థం ఒకరు చెప్పనవసరం లేదు.

ఒక్క జాగ్రత్త ఉన్నది. థాయి వారికి శిరస్సు పవిత్రం, పాదం నీచం. ఎవరి తలనైనా ఊరకే తాకడం, కాలు చాపి ఒకరివైపు చూపడం మర్యాద కాదు. మన పెళ్లిలోనో, జీలకర్ర బెల్లం నెత్తిన పెట్టడం, తలంబ్రాలు తలపై పోయడం, వరుడు వధువు పాదం పట్టి మట్టెలు తొడగడం, అన్నీ తలతోనూ కాళ్లతోనూ పనే. వాటి అర్థం వియ్యాలవారికి ముందుగా విడమరచి చెప్పి ఉంచితే, పందిట్లో ఎవరి ముఖమూ మాడదు.

అసలు చిక్కు డబ్బు దగ్గర వస్తుంది.

మనకు కట్నం ఆడపెళ్లివారింటి నుంచి మగపెళ్లివారింటికి నడిచే అలవాటు. 1961లో చట్టం నిషేధించినా ఆ నడక పూర్తిగా మానలేదు. థాయిలాండులో నడక ఎదురు. వరుడు వధువు తల్లిదండ్రులకు ‘సిన్ సోద్’ అనే రొక్కం చెల్లించాలి. నిశ్చితార్థానికి వధువుకు బంగారం పెట్టాలి. అక్కడి సివిల్ స్మృతిలోనే ఈ రెండింటికీ చోటున్నది. ఆడపిల్ల వైపు కారణంగా పెళ్లి ఆగిపోతే వరుడు తన సొమ్ము తిరిగి అడగవచ్చు. బంగారం తూకానికి కూడా వారు బాట్ అనే అంటారు. నగల లెక్కలో బాట్ అంటే 15.16 గ్రాములు. నాణేనికీ తూకానికీ ఒకే పేరు గనుక, “పది బాట్ల బంగారమేగదా” అని ఎవరైనా తేలికగా తల ఊపితే, మన లెక్కలో దాదాపు 19 కాసులకు ఒప్పుకొన్నట్టే!

ఇది వినగానే మన పెద్దలకు గురజాడ వారి నాటకం గుర్తుకు వస్తుంది. పోలిక పైపైదే. ఆనాడు ముక్కుపచ్చలారని పిల్లను ముసలివానికి అమ్మేవారు. ఈనాటి థాయి వధువు చదువుకొని, సంపాదించుకొంటూ, తన ఇష్టప్రకారం పెళ్లి చేసుకొంటున్నది. ఈ సొమ్మును వారు ‘పాల వెల’ అని కూడా అంటారు. అంటే తల్లి చనుబాలకు కృతజ్ఞత. పెళ్లినాడు నోట్లూ బంగారమూ బంధువులందరి ఎదుట గుడ్డమీద పరచి లెక్కపెడతారు. పెళ్లికూతురి తల్లి మూటగట్టి భుజాన వేసుకొని, బరువుకు నడుము వంగిపోయినట్టు నటిస్తుంది, అందరూ నవ్వుతారు. చాలా ఇళ్లలో తరువాత కొంత భాగం, ఒక్కొక్కచోట మొత్తం, దంపతులకే తిరిగి ఇచ్చివేస్తారు. ఇస్తారా లేదా అన్నది మాత్రం ముందుగా తేల్చుకోవలసిన విషయం. వరుడు స్వయంగా అడగడం మర్యాద కాదు. అక్కడ కూడా ఇటువంటి మాటలకు ఒక పెద్దమనిషిని పంపే ఆచారం ఉన్నది.

అయితే సిన్ సోద్ ఒకనాటి ఖర్చు. నెలనెలా వచ్చేది వేరే ఉన్నది. థాయి కుటుంబంలో తల్లిదండ్రుల ఋణం తీర్చుకోవడం కొడుకుకన్న కూతురి పూనిక. కొడుకు కొంతకాలం భిక్షువుగా ఉండి తల్లికి పుణ్యం సంపాదించి పెడతాడు. కూతురు డబ్బు సంపాదించి పెడుతుంది. 60 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం ఇచ్చే భృతి, 2011లో ఏర్పరచిన పద్ధతి ప్రకారం, వయస్సును బట్టి నెలకు 600 మొదలు 1,000 బాట్ల వరకు మాత్రమే. పల్లెలో ఉన్న ముసలివారికి పట్నంలో ఉన్న కూతురే పింఛను. పైగా ఉత్తర, ఈశాన్య ప్రాంతాలలో పెళ్లయిన అల్లుడు కొన్నాళ్లు అత్తవారింట ఉండడం, చివరి కూతురు తల్లిదండ్రుల దగ్గర నిలిచి ఆ ఇల్లు దక్కించుకోవడం పాత ఆచారం. ఇల్లరికం అంటే మనం ముఖం చిట్లిస్తాము, వారికది సహజం. కాబట్టి పిల్ల ఎన్నో సంతానమని అడిగి తెలుసుకోవడం ఊసుపోక వేసే ప్రశ్న కాదు.

హోసూరు ప్రాంతంలో మాకు బాగా తెలిసిన ఒక ఇల్లున్నది. ఎన్నో తరాలుగా అక్కడ స్థిరపడిన రైతులు. కొడుకు బాంకాకులో ఇంజనీరు. కోడలు ఉదోన్ థానీ వైపు పల్లెపిల్ల, నర్సు. మొదటి కాన్పుకు ఆమె ఉద్యోగం మానింది. పుట్టింటికి పంపే డబ్బు మాత్రం మానలేదు. అది భర్త జీతంలోనుంచి పోసాగింది. సంగతి తెలిసి ఇక్కడి తల్లి, “మన బావికి మోటారు వేయించడానికి లేని డబ్బు వాళ్లకెక్కడిదిరా?” అని కొడుకును నిలదీసింది. ఆ మాట కోడలి చెవిని పడింది. “మీ అమ్మకు పంపితే ధర్మం, మా అమ్మకు పంపితే ఖర్చా?” అని ఆమె అడిగింది. ఆరు నెలలు అత్తాకోడళ్లకు మాటలు లేవు. (ఉన్నా ఏ భాషలో మాట్లాడుకొంటారన్నది వేరే సంగతి.) చివరకు మనుమరాలిని చూడబోయిన ఆ తల్లి, వియ్యాలవారి పల్లెలో పది రోజులు ఉన్నది. రేకుల ఇల్లు, మోకాళ్ల నొప్పులతో లేవలేని వియ్యపురాలు, ఆమె మీద వదలి పెద్ద కూతురు పనికి పోతే, ఇద్దరు పసివాళ్లు. నాలుగవనాడు వియ్యపురాలు చింతపండు పిసికి, మిరపకాయలు రోట్లో వేసి దంచబోతుంటే, మన తల్లి చెయ్యి చాచి రోకలి అందుకొన్నది. తిరిగి వచ్చిన తరువాత రెండిళ్లకూ సమానంగా నెలకు ఇంత అని ఒక అంకె కట్టారు. కొడుకు జీతం అందిన రోజునే ఆ రెండూ పంపి, మిగిలినదానితో సంసారం నడుపుకొంటున్నాడు. మోటారు మరుసటి ఏడు వేశారు.

ఇక కాగితాలు. భిక్షువుల ముందు, బంధువుల ముందు జరిగినది చట్టం కంటికి పెళ్లి కాదు. ‘అంఫో’ అనే జిల్లా కచేరీలో నమోదైతేనే పెళ్లి. అందుకు వరునికి వేరే భార్య లేదని మన రాయబార కార్యాలయం ఇచ్చే పత్రం కావాలి. దానిని థాయి భాషలోకి మార్పించి, అక్కడి విదేశాంగశాఖ ముద్ర వేయించాలి. ఇక్కడ మన పేర్లు అడ్డుపడతాయి. తమిళనాట స్థిరపడిన మనవారిలో చాలామందికి ఇంటిపేరో తండ్రి పేరో పొడి అక్షరంగా మిగిలి, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. థాయిలాండులో 1913 నుంచి ప్రతివారికీ ఇంటిపేరు ఉండి తీరాలని చట్టం. ఖాళీ గడి చూస్తే గుమాస్తా కలం కదలదు. పెళ్లి మాట అనుకోగానే ముందు పాస్‌పోర్టు సరిచేయించుకోవడం ఉత్తమం. అలాగే ప్రతి థాయికీ పత్రాల పేరు ఒకటి, పిలుపు పేరు మరొకటి. మనవారికి తెలిసేది సాధారణంగా రెండోదే. శుభలేఖ మీద అచ్చువేయించవలసింది మొదటిది. తేదీలలోనూ మెలిక ఉన్నది. వారి పత్రాల మీద బౌద్ధశకం ఉంటుంది, క్రీస్తుశకానికి 543 కలపాలి. మన 2025 వారికి 2568. అనువాదంలో ఆ తీసివేత తప్పితే, తరువాత ఏ కచేరీలోనూ రెండు కాగితాలు కలవవు.

పెళ్లి అయినంత మాత్రాన అల్లునికి అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు రాదు. ఏటేటా అనుమతి పొడిగించుకోవాలి. దానికి బ్యాంకులో 4 లక్షల బాట్ల నిలువగాని, నెలకు 40 వేల బాట్ల ఆదాయంగాని చూపాలి. 90 రోజులకొకసారి చిరునామా తెలియజేయాలి. ఉద్యోగానికి వేరే పర్మిటు ఉండాలి; అది లేకుండా మామగారి దుకాణంలో త్రాసు పట్టుకొన్నా నేరమే. మన అమ్మాయి థాయి యువకుని పెళ్లాడితే ఆ డబ్బు నియమం లేదు. ఆ దేశపు పౌరసత్వం కోరడం కూడా ఆమెకు సులువు. కాని అది పుచ్చుకొన్ననాడు భారత పౌరసత్వం పోతుంది. మన చట్టం రెండు పడవల మీద కాళ్లు పెట్టనివ్వదు.

భూమి సంగతి మనవారు మరీ తెలుసుకోవాలి, ఎందుకంటే నాలుగు రూకలు చేరగానే స్థలం కొనాలనేది మన రక్తంలో ఉన్నది. విదేశీయుడు థాయిలాండులో భూమి కొనరాదు. భార్య పేర కొనవచ్చు. అయితే కొన్న సొమ్ము కేవలం భార్యదేనని ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ సంతకంతో ఆ భూమిలో భర్తకు వాటా లేకుండా పోతుంది. భార్య కాలం చేసి వారసత్వంగా వచ్చినా ఏడాదిలోపల అమ్ముకోవాలి. అపార్టుమెంటు విదేశీయుడు తన పేర కొనుక్కోవచ్చు, మొత్తం భవనంలో విదేశీయుల వాటా నూటికి 49 పాళ్లు మించనంతవరకు. ఇదేమి అన్యాయమని కోపగించుకోవద్దు. విదేశాల్లో ఉండే విదేశీయులను మన దేశంలో సేద్యపు భూమి కొననివ్వకూడదని మన నియమాలూ చెబుతున్నాయి. ఇంటిమీద జీవితాంతం ఉండే అనుభవ హక్కు వ్రాయించుకొని కచేరీలో నమోదు చేయించుకొనే పద్ధతి అక్కడ ఉన్నది. పెళ్లయిన ఏడాదే ఆ పని, థాయి భాషలో ఒక వీలునామా, రెండూ పూర్తి చేసుకొన్నవారు తెలివైనవారు.

కోడలే ఇక్కడికి వస్తే? మన దేశంలో పెళ్లి చేయదలచినవారికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉన్నది. 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నమోదైన పెళ్లికి రెండేళ్లు నిండిన తరువాత ఆమె విదేశీ భారత పౌర కార్డు, అంటే ఓసీఐ, కోరవచ్చు. అంతవరకు వీసాలతో కాలక్షేపం చేయవలసిందే. ఆమె భాషా కష్టం మాత్రం మన ఇళ్లలో రెండింతలు. బరంపురంలో అయితే వంటింట్లో తెలుగు, బజారులో ఒరియా, టీవీలో హిందీ. థాయి భాషలో పదం చివర లకారం నకారమవుతుంది గనుక, గోపాల్ ఆమె నోట కొన్నాళ్లు గోపాన్ అవుతాడు. మనం నవ్వనక్కరలేదు, వారి భాషలో అయిదు స్వరాలు. ‘ఖావ్’ అన్నమాట పలికే తీరును బట్టి అన్నం, తెలుపు, వార్త అవుతుంది. మనవాడు అన్నం అడిగి వార్త తెప్పించుకోగలడు!

తిండి గురించి ఎక్కువ చెప్పము. బియ్యం, చింతపండు, కొబ్బరి, పచ్చిమిరప రెండు దేశాలకూ ఉమ్మడి. శాకాహారుల ఇంట మాత్రం చేపల పులుసునీరు ‘నామ్ ప్లా’ పెద్ద సమస్య; వారికది మనకు ఉప్పు వంటిది, కూరల్లోనూ దిగుతుంది. ‘జే’ అని పసుపు జెండా కట్టిన అంగడిలో మాంసం, చేప ఉండవు. ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు గనుక మన ఆచారపరులు అక్కడ నిశ్చింతగా కూర్చోవచ్చు.

బిడ్డ అక్కడ పుడితే తల్లివైపు నుంచి పుట్టుకతోనే థాయి పౌరసత్వం వస్తుంది. భారత పౌరసత్వం కావాలంటే ఏడాదిలోపల మన కార్యాలయంలో నమోదు చేయించాలి. వేరే దేశపు పాస్‌పోర్టు లేదని వ్రాసివ్వాలి. థాయి పాస్‌పోర్టు తీసుకొంటే ఆ దారి మూసుకొని, ఓసీఐ దారి మిగులుతుంది. మగబిడ్డ అయితే మరొకటి: థాయి పౌరుడైన కుర్రవాడు 21వ ఏట సైన్యపు చీటీ తీయాలి. నల్లచీటీ వస్తే ఇంటికి, ఎర్రచీటీ వస్తే పటాలానికి. బడిలో మూడేళ్లు సైనిక శిక్షణ పొందినవారికి ఆ చీటీ తప్పుతుంది.

పండుగలకు కొరత లేదు. ఏప్రిల్ 13 నుంచి 15 వరకు వారి సొంగ్‌క్రాన్, మన సంక్రాంతి మాటే. తమిళనాట ఉన్నవారికి అవే పుత్తాండు రోజులు, ఒడిశాలో ఉన్నవారికి పణా సంక్రాంతి. సెలవులూ కలిసివస్తాయి గనుక పిల్లలను తాతల ఇంటికి తీసుకురావడానికి అదే అనువైన సమయం. ఇంట్లో తెలుగు నిలుస్తుందా అని అడిగే పెద్దలు, తమ ఇంట్లో అది ఎలా నిలిచిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి: బడి చెప్పలేదు, వీధి చెప్పలేదు, వంటింట్లో తల్లులూ అమ్మమ్మలూ చెప్పారు. ఇక్కడ తల్లి థాయి గనుక ఆ పని తండ్రి మీద, ఫోనులో నాయనమ్మ మీద పడుతుంది. వరుసలు ముందు నేర్పండి, అవి పిల్లలకు త్వరగా పట్టుబడతాయి. థాయిలోనూ తల్లి తల్లి వేరు, ‘యాయ్’; తండ్రి తల్లి వేరు, ‘యా’. తాతలకు కూడా వారు వేరు వేరు పేర్లే పెట్టారు. తండ్రి తండ్రి ‘పూ’. తల్లి తండ్రి ‘తా’. హోసూరు వారి మనుమరాలు ఇక్కడి తాతను కూడా ‘తా’ అనే పిలుస్తుంది. ఆయన మాత్రం పిల్లకు సగం తెలుగు వచ్చిందని ఊరంతా చెప్పుకొంటున్నారు.