ఆట రోజు రవాణా, మైదాన సౌకర్యాలు (ఫుట్‌బాల్)

ఫుట్‌బాల్ పోటీని చూడటానికి ప్రేక్షకుడు ఇల్లు విడిచినది మొదలు తిరిగి ఇల్లు చేరే వరకు అవసరమయ్యే ప్రయాణపు ఏర్పాట్లను, మైదానంలో ఉండవలసిన కనీస వసతులను కలిపి ఆట రోజు రవాణా, మైదాన సౌకర్యాలు అని వ్యవహరించవచ్చును. బస్సులు, రైళ్ళు, వాహనాలు నిలుపు స్థలము, టిక్కెట్ల అమ్మకము, ప్రవేశ ద్వారాలు, మంచినీరు, మరుగుదొడ్లు, కూర్చొను చోటు, నీడ, వెలుతురు, బయటకు పోవు మార్గాలు - ఇవన్నీ ఇందులోనికి వస్తాయి. ఆట బాగున్నా ఈ ఏర్పాట్లు బాగుండకపోతే ప్రేక్షకుడు మరునాటి పోటీకి రావడానికి వెనుకాడుతాడు. ఏర్పాట్లు మరీ లోపించినచోట ప్రాణనష్టం కూడా జరిగినది. తెలుగు ప్రాంతాలలో ఈ విషయానికి ముఖ్యమైన ఉదాహరణ హైదరాబాదు నగరము.

నేపథ్యము

హైదరాబాదుకు భారతీయ ఫుట్‌బాల్ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉన్నది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్పు గెలుచుకొన్నది. రహీం శిక్షకుడుగా ఉన్న భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణ పతకము సాధించినది. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం ఆ తరపు గొప్ప ఆటగాళ్ళలో ఒకడు. సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57, 1957-58 సంవత్సరాలలోను, ఆంధ్ర ప్రదేశ్ జట్టు 1965-66లోను గెలిచాయి.

ఆ కాలంలో నగర ఫుట్‌బాల్‌కు కేంద్రము ఫతే మైదానము. ఇది 1967లో లాల్ బహదూర్ స్టేడియముగా పేరు మార్చుకొన్నది. బషీర్‌బాగ్ వద్ద, నిజాం కళాశాల పక్కనే, నాంపల్లి రైల్వే స్టేషనుకు నడచిపోదగినంత దూరంలో ఉన్నది. పాత నగరం నుండి గాని, సికింద్రాబాదు నుండి గాని ఒక్క సిటీ బస్సులో ఇక్కడకు చేరుకోవచ్చును. సైకిలు మీద వచ్చి ఆట చూసి వెళ్ళడం కూడా కష్టమైన పని కాదు. మైదానము నగరము నడిబొడ్డున ఉండుట వలన రవాణా అనే సమస్యను ప్రత్యేకంగా ఆలోచించవలసిన అవసరమే పెద్దగా కలగలేదు.

గచ్చిబౌలికి మార్పు

2002లో హైదరాబాదులో జరిగిన జాతీయ క్రీడల కొరకు నగరానికి పడమరన గచ్చిబౌలిలో కొత్త క్రీడా సముదాయాన్ని నిర్మించారు. అందులోని ప్రధాన మైదానానికి, ఆ సంవత్సరమే మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకరు జి.ఎమ్.సి.బాలయోగి పేరు పెట్టారు. 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలు, 2007లో సైనిక ప్రపంచ క్రీడలు జరిగినది కూడా హైదరాబాదులోనే.

2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఈ మైదానాన్నే సొంత మైదానంగా ఎంచుకొన్నది. 2020-21, 2021-22 సీజన్లు కోవిడ్ కారణంగా పూర్తిగా గోవాలోనే జరిగాయి. 2022 మార్చి 20న ఫటోర్డాలో జరిగిన తుది పోటీలో ఈ జట్టు కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి విజేతగా నిలిచినది. అనగా తమ జట్టు విజేత అయిన సంవత్సరంలో హైదరాబాదు అభిమానులు సొంత మైదానంలో ఒక్క లీగు పోటీ కూడా చూడలేకపోయారు. తరువాతి సీజను నుండి పోటీలు మళ్ళీ గచ్చిబౌలిలో జరిగాయి. 2024 సెప్టెంబరులో భారత్, సిరియా, మారిషస్ జట్లు ఆడిన ఇంటర్‌కాంటినెంటల్ కప్పు, నవంబరు 18న భారత్-మలేషియా పోటీ, డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ తుది పోటీ కూడా ఇక్కడే జరిగాయి. 2025లో హైదరాబాద్ ఎఫ్.సి. ఢిల్లీకి తరలి పేరు మార్చుకొన్నది. దానితో లీగులో ఉన్న ఏకైక తెలుగు నగరపు జట్టు లేకుండా పోయినది.

రవాణా సమస్యలు

చివరి అంచె: హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మొదలైనది. నాగోలు నుండి వచ్చే మార్గము 2019 నవంబరులో రాయదుర్గం వరకు పూర్తయినది. అయితే రాయదుర్గం స్టేషను నుండి గచ్చిబౌలి మైదానానికి ఇంకా నాలుగైదు కిలోమీటర్ల దూరము ఉన్నది. ఎమ్.ఎమ్.టి.ఎస్. రైలులో లింగంపల్లిలో దిగినవారికి కూడా ఇదే పరిస్థితి. నగరమంతా రైలులో సుఖంగా వచ్చినవారు ఈ చివరి అంచెకు ఆటోనో, బస్సునో వెదుకుకోవలసి ఉంటుంది.

సమయము: లీగు పోటీలలో చాలా భాగం రాత్రి 7:30కు మొదలయ్యేవి. గచ్చిబౌలి, మాదాపూర్ ప్రాంతాలలో సాఫ్ట్‌వేరు కార్యాలయాలు వదలే వేళ కూడా దాదాపు అదే. అందువలన మైదానానికి వెళ్ళే రోడ్లు అప్పటికే వాహనాలతో నిండి ఉంటాయి. తొంభై నిమిషాల ఆట, పదిహేను నిమిషాల విరామం, అదనపు నిమిషాలు కలిపితే ఆట ముగిసేసరికి రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. మెట్రో ఆఖరి రైళ్ళు పదకొండు గంటల ప్రాంతంలో బయలుదేరుతాయి. రైలు దిగిన తరువాత పాత నగరం లోపలికో, శివారు కాలనీకో మరొక బస్సు పట్టుకోవలసినవారు చివరి పది నిమిషాల ఆట వదలుకొని లేచిపోక తప్పదు. ఫుట్‌బాల్‌లో గెలుపోటములు తేలేది తరచు ఆ పది నిమిషాలలోనే.

లెక్క: ఒక పోటీకి 10,000 మంది వచ్చారనుకొందాము. వారిలో సగం మంది బస్సుల మీద ఆధారపడితే, బస్సుకు 50 మంది చొప్పున 100 బస్సులు కావలెను. అదే మూడు పెట్టెల మెట్రో రైలు సుమారు వెయ్యి మందిని తీసుకొని పోగలదు కనుక ఐదు రైళ్ళు సరిపోతాయి. మైదానం పక్కనే రైలు స్టేషను ఉండటానికి, లేకపోవడానికి మధ్య తేడా ఇందులో తెలుస్తుంది.

పోలిక: హైదరాబాదులోనే ఉప్పల్ క్రికెట్ మైదానానికి చేరువలో మెట్రో స్టేషను ఉన్నది, ఐ.పి.ఎల్. పోటీల రాత్రులలో రైళ్ళ వేళలను పొడిగించడం పరిపాటి. కొచ్చిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియము పేరుతోనే మెట్రో స్టేషను ఉన్నది. కోల్‌కతాలో సాల్ట్ లేక్ స్టేడియం స్టేషను 2020 ఫిబ్రవరిలో తెరిచారు. జర్మనీలో అనేక క్లబ్బుల పోటీ టిక్కెట్టే ఆ రోజు స్థానిక బస్సులు, రైళ్ళలో ప్రయాణానికి కూడా చెల్లుతుంది. అందువలన సొంత వాహనాలలో వచ్చేవారి సంఖ్య తగ్గుతుంది. 2024లో కేంద్రానికి పంపిన హైదరాబాదు మెట్రో రెండవ దశ ప్రతిపాదనలలో రాయదుర్గం నుండి కోకాపేట వైపు మార్గము కూడా ఉన్నది.

మైదానంలో సౌకర్యాలు

దృష్టి: బాలయోగి స్టేడియము ప్రధానంగా పరుగు పందేల కొరకు కట్టినది. ఎనిమిది వరుసల పరుగు బాటలో ఒక్కొక్క వరుస 1.22 మీటర్లు. అంటే బాట వెడల్పే 9.76 మీటర్లు. గోలు స్తంభాల వెనుక వంపు ఉండుట వలన ఆ దూరము ఇంకా పెరుగుతుంది. ముందు వరుసలోని ప్రేక్షకుడు కూడా ఆటకు దూరంగానే ఉంటాడు. ఫుట్‌బాల్ కొరకే కట్టిన మైదానాలలో ఈ ఇబ్బంది ఉండదు. ప్రభుత్వము ఒకే మైదానాన్ని అనేక క్రీడలకు ఉపయోగించుకోవడం ఖర్చు దృష్ట్యా సమంజసమే అయినా, అందులోని నష్టము ఫుట్‌బాల్ ప్రేక్షకుడిదే.

నీరు, మరుగుదొడ్లు: భద్రత కారణంగా పెద్ద పోటీలకు నీళ్ళ సీసాలను సాధారణంగా లోనికి అనుమతించరు. అటువంటప్పుడు లోపల మంచినీరు ఉచితంగా అందుబాటులో ఉంచవలసిన బాధ్యత నిర్వాహకులపై పడుతుంది. విరామం పదిహేను నిమిషాలే కనుక ప్రేక్షకులందరూ ఒకేసారి మరుగుదొడ్లకు, తినుబండారాల దుకాణాలకు బయలుదేరుతారు. వసతులు రోజు సగటును బట్టి కాక ఈ పదిహేను నిమిషాల రద్దీని బట్టి ఉండవలెను. స్త్రీలకు తగినన్ని మరుగుదొడ్లు లేని మైదానానికి కుటుంబాలు రావు.

వికలాంగులు: 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము బహిరంగ స్థలాలు అందరికీ ప్రవేశయోగ్యంగా ఉండవలెనని నిర్దేశించినది. వాలు దారి, చక్రాల కుర్చీకి చోటు, సమీపంలో మరుగుదొడ్డి ఈ మూడూ ఉన్నప్పుడే ఆ నియమము నెరవేరినట్లు. మెట్లెక్కి వెళ్ళవలసిన చోట చక్రాల కుర్చీకి స్థలం కేటాయించినా ప్రయోజనం లేదు.

భద్రత

సౌకర్యాల లోపము కేవలము చిరాకుతో ఆగిపోదు. 1971 జనవరి 2న గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానంలో ఆట ముగిసి జనము బయటకు పోతుండగా మెట్ల దారిలో జరిగిన తొక్కిసలాటలో 66 మంది మరణించారు. ఆ తరువాత బ్రిటనులో మైదానాల భద్రతకు మార్గదర్శక గ్రంథం వెలువడినది. దీనిని గ్రీన్ గైడ్ అంటారు. 1980 ఆగస్టు 16న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ పోటీ సందర్భంగా 16 మంది మరణించారు. 1989లో షెఫీల్డులోని హిల్స్‌బరో దుర్ఘటన 97 మందిని బలిగొన్నది. 2022 అక్టోబరు 1న ఇండోనేషియాలోని కంజురుహాన్ మైదానంలో బాష్పవాయు ప్రయోగంతో జనము ఇరుకు ద్వారాల వైపు పరుగెత్తగా 135 మంది చనిపోయారు.

ఇటీవలి సంఘటనలు మరొక విషయాన్ని తెలుపుతాయి. 2022 సెప్టెంబరు 22న సికింద్రాబాదు జింఖానా మైదానం వద్ద క్రికెట్ టిక్కెట్ల కొరకు వచ్చినవారి మధ్య తొక్కిసలాట జరిగి పలువురు గాయపడ్డారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం ద్వారాల వద్ద 11 మంది మరణించారు. ఈ రెండు చోట్ల ప్రమాదము ఆట జరుగుతుండగా, కుర్చీల మధ్య జరిగినది కాదు. కావున మైదానం గోడ బయట ఉన్న రోడ్డు, వరుస, టిక్కెట్ల కిటికీ కూడా మైదానంలో భాగముగానే పరిగణించవలెను.

గ్రీన్ గైడ్ ప్రకారము మైదానం సామర్థ్యమంటే కుర్చీల సంఖ్య మాత్రమే కాదు. నిర్ణీత సమయంలో ఎంతమంది లోనికి రాగలరు, ఎంతమంది సురక్షితంగా లోపల ఉండగలరు, ఎంతమంది బయటకు పోగలరు, ఆపద వేళ ఎంతమందిని ఖాళీ చేయించవచ్చును - ఈ నాలుగింటిలో అతి తక్కువ సంఖ్యయే ఆ మైదానపు అసలు సామర్థ్యము. ఒక్కొక్కరినే పంపే తిరుగుడు గేటు ద్వారా గంటకు 660 మందికి మించి లెక్కించరాదని ఆ గ్రంథము సూచిస్తున్నది. దీని ప్రకారం 30,000 మంది గంటలో లోనికి రావలెనంటే కనీసం 46 గేట్లు తెరిచి ఉంచవలెను. ఇరవై గేట్లే తెరిస్తే గంటలో వచ్చేది 13,200 మంది. మిగిలినవారు ఆట మొదలైన కేక విని బయట నుండి తోసుకొంటారు. ప్రమాదానికి దారి తీసేది ఈ తొందరే.

మండల కేంద్రాల ప్రేక్షకులు

నగరవాసికి చివరి అంచె కష్టమైతే, దూర ప్రాంతాలవారికి ప్రయాణమంతా కష్టమే. అనకాపల్లి జిల్లా, నర్సీపట్నం రెవెన్యూ డివిజనులోని మాకవరపాలెం ఇందుకు ఉదాహరణ. ఆంధ్ర ప్రదేశ్‌కు ఇండియన్ సూపర్ లీగ్‌లో ఎన్నడూ జట్టు లేదు. కావున 2019 నుండి 2025 వరకు ఇక్కడి విద్యార్థి తెలుగు నేల మీద ఆ లీగు పోటీ చూడవలెనన్నా హైదరాబాదుకు పోవలసినదే. విశాఖపట్నం నుండి గోదావరి ఎక్స్‌ప్రెస్ వంటి రైలులో అది ఒక రాత్రి ప్రయాణము. నర్సీపట్నం రోడ్ అనే రైల్వే స్టేషను ఉన్నా, పేరులోని "రోడ్" అన్న మాట సూచించినట్లు అది పట్టణానికి చాలా దూరాన ఉన్నది. ఆట చూసి రావడానికి రెండు రాత్రులు, ఒక పగలు పడుతుంది.

దగ్గరలోని అంతర్జాతీయ మైదానము విశాఖపట్నం పోతినమల్లయ్యపాలెంలోని క్రికెట్ స్టేడియము. 2005 ఏప్రిల్ 5న భారత్-పాకిస్తాన్ పోటీతో అంతర్జాతీయ పోటీలకు వేదికైన ఈ మైదానము నగరానికి ఉత్తరాన ఉన్నది. మాకవరపాలెం నుండి వచ్చేవారు అనకాపల్లి మీదుగా నగరాన్ని ఈ చివర నుండి ఆ చివరకు దాటి, 70 కిలోమీటర్లకు పైగా ప్రయాణించవలెను. రాత్రి పోటీ ముగిసేసరికి పల్లెలకు పోయే ఆఖరి పల్లె వెలుగు బస్సు వెళ్ళిపోతుంది. మిగిలేది బాడుగ వాహనము, లేదా బస్సు కాంప్లెక్సులో తెల్లవారుజాము వరకు నిరీక్షణ.

స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణము తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్ర ప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి అమలులోనికి వచ్చినది. దీనివలన ప్రయాణపు ఖర్చు తగ్గినది. కాని ఆట ముగిసిన వేళకు బస్సు లేకపోతే ఉచిత టిక్కెట్టు వలన ఉపయోగము లేదు.

పరిష్కార మార్గాలు

వివిధ దేశాల అనుభవాన్ని బట్టి కొన్ని మార్గాలు సాధ్యమని తెలుస్తున్నది.

* పోటీ వేళను నిర్ణయించేటప్పుడు ఆఖరి బస్సు, ఆఖరి రైలు వేళలను కూడా చూడటం.
* సమీప స్టేషను నుండి మైదానానికి, తిరిగి స్టేషనుకు ఆట రోజున వరుస బస్సులు నడపటం.
* పోటీ టిక్కెట్టులోనే స్థానిక ప్రయాణపు రుసుము చేర్చటం.
* ఏ ద్వారము, ఏ వరుస అన్నది టిక్కెట్టు మీద తెలుగులో స్పష్టంగా ముద్రించటం.
* గేట్లను ముందుగా తెరిచి, ఆట ముగియక ముందే బయటి ద్వారాలన్నీ తెరచి ఉంచటం.
* మంచినీరు, మరుగుదొడ్ల సంఖ్యను విరామపు రద్దీకి సరిపోయేటట్లు ఏర్పాటు చేయటం.
* జిల్లా కేంద్రాలలోని మైదానాలలో కూడా రాష్ట్ర స్థాయి పోటీలు పగటి పూట నిర్వహించటం.

వీటిలో చాలా వాటికి కొత్త నిర్మాణాలు అవసరము లేదు. పోలీసు, రవాణా, పురపాలక శాఖలు, నిర్వాహకులు పోటీకి ముందు కలిసి కూర్చొని ప్రణాళిక వేసుకొంటే సరిపోతుంది. మొదటి, చివరి అంశాలకు మాత్రము ప్రసార సంస్థల, క్రీడా సంఘాల అంగీకారము కూడా కావలెను.

ఇవి కూడా చూడండి

* సయ్యద్ అబ్దుల్ రహీం
* లాల్ బహదూర్ స్టేడియం
* జి.ఎమ్.సి.బాలయోగి
* హైదరాబాదు మెట్రో
* సంతోష్ ట్రోఫీ
* మాకవరపాలెం