డిమెన్షియా ఉన్న నాన్నమ్మకి కేర్ హోమ్ చూస్తున్నారా? సాయంత్రం ఆరింటికి వెళ్లి చూడండి

ఈరోజు కాస్త బరువైన టాపిక్. ఇంట్లో నాన్నమ్మకో తాతయ్యకో డిమెన్షియా వచ్చింది. ఇంట్లో చూసుకోవడం ఇక కుదరట్లేదు. పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు, చివరికి ఫోన్ చేతిలో ఉన్న మీతో అంటారు: "కాస్త నెట్‌లో చూడు, మంచి హోమ్ ఏదైనా ఉందేమో" అని. మీరు సెర్చ్ చేస్తారు. బోలెడు పేర్లు వస్తాయి. అన్నిట్లోనూ పచ్చటి లాన్, నవ్వుతున్న పెద్దావిడ, పక్కన నర్సు. రేటింగ్ అన్నిటికీ నాలుగు పైనే. మరి ఏది మంచిది?

ఫొటోలు చూసి చెప్పలేం. అందుకే ఈ ఎపిసోడ్‌లో ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఏ హోమ్‌నైనా దానికి కలిసొచ్చే టైమ్‌లో కాదు, దానికి కష్టమైన టైమ్‌లో చూడాలి. డిమెన్షియా ఉన్నవాళ్ల దగ్గర ఆ కష్టమైన టైమ్ సాయంత్రం, రాత్రి. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ముందు ఒక చెక్: ఇది డిమెన్షియానేనా?

మన ఇళ్లలో మతిమరుపు మొదలైతే "వయసైపోయింది, చాదస్తం" అని వదిలేస్తారు. లేదా ఎవరూ టెస్ట్ చేయకుండానే "అల్జీమర్స్" అని డిసైడ్ చేసేస్తారు. రెండూ తప్పే. విటమిన్ బి12 తగ్గినా, థైరాయిడ్ సరిగా పనిచేయకపోయినా, డిప్రెషన్ ఉన్నా, కిందపడి తలలో రక్తం గడ్డకట్టినా డిమెన్షియాలాగే కనిపించొచ్చు. వీటికి ట్రీట్‌మెంట్ ఉంది.

ఇంకోటి. నిన్నటిదాకా ఓ మాదిరిగా ఉన్న తాతయ్య రెండు రోజుల్లో పూర్తిగా అయోమయంలో పడిపోయారనుకోండి. అది చాలాసార్లు యూరిన్ ఇన్ఫెక్షనో, జ్వరమో, కొత్తగా వేసిన మందో అయ్యుంటుంది. అప్పుడు వెతకాల్సింది హోమ్ కాదు, వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి. కాబట్టి న్యూరాలజిస్ట్‌కో సైకియాట్రిస్ట్‌కో చూపించి, ఏ రకం డిమెన్షియా, ఏ స్టేజ్ అని కాగితం మీద రాయించుకోండి. హోమ్ వాళ్లు కూడా అదే అడుగుతారు.

మీ ఒక్క ఇంట్లోనే ఈ కష్టం ఉందనుకోకండి. 2023లో వచ్చిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటిన వాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా.

వృద్ధాశ్రమం వేరు, డిమెన్షియా హోమ్ వేరు

సెర్చ్‌లో రెండూ కలిసే వస్తాయి. మామూలు వృద్ధాశ్రమాల్లో చాలావరకు తమ పని తాము చేసుకోగలిగిన వాళ్లనే తీసుకుంటారు. గేటు తీసుకుని వెళ్లిపోయే మనిషిని, రాత్రంతా మేలుకుని ఉండే మనిషిని చూసుకునే ఏర్పాటు అక్కడ ఉండదు. అందుకే ఫోన్‌లో "పెద్దవాళ్లని తీసుకుంటారా?" అని అడగొద్దు. "డిమెన్షియా ఉంది, బయటికి వెళ్లిపోతుంది, రాత్రి నిద్రపోదు, స్నానం అంటే కొడుతుంది" అని ఉన్నదున్నట్టు చెప్పండి. సీటు దొరకదేమోనని దాస్తే, చేర్చిన పది రోజులకే "తీసుకెళ్లిపోండి" అని ఫోన్ వస్తుంది. అప్పుడు నలిగిపోయేది నాన్నమ్మే.

సాయంత్రం ఆరింటికే ఎందుకు?

డిమెన్షియాలో సన్‌డౌనింగ్ అనేది ఒకటుంది. పొద్దు వాలేసరికి చాలామందికి కంగారు, భయం, కోపం ఎక్కువవుతాయి. మెదడులో పగలు-రాత్రి గడియారం దెబ్బతినడం, రోజంతటి అలసట, మసక వెలుతురు, గోడ మీద నీడలు, అన్నీ కలిసొస్తాయి. "ఇంటికి పోదాం, మా అమ్మ ఎదురుచూస్తుంటుంది" అని ఎనభై ఏళ్ల మనిషి గుమ్మం దగ్గర నిలబడేది అప్పుడే. చాలా చోట్ల స్టాఫ్ షిఫ్ట్ మారేది కూడా ఇంచుమించు ఆ టైమ్‌కే.

పొద్దున పదకొండింటికి వెళ్తే మీకు కనిపించేది మేనేజర్, కాఫీ, బ్రోషర్. అందరూ స్నానాలు చేసి, తల దువ్వుకుని కూర్చుని ఉంటారు. మొదటిసారి అలా చెప్పి వెళ్లండి, ఫర్వాలేదు. రెండోసారి మాత్రం చెప్పకుండా సాయంత్రం వెళ్లండి. రానివ్వకపోతే, అదే మీకు సమాధానం. రానిస్తే ఇవి చూడండి.

ఒకటి, ఎవరినైనా కుర్చీకో మంచానికో గుడ్డతో కట్టేశారా? "పడిపోతుందని కట్టామండి" అంటారు. కట్టేస్తే పడటం ఆగుతుందన్న గ్యారంటీ లేదు. విడిపించుకోబోయి దెబ్బలు తగులుతాయి, కదలిక లేక పుండ్లు పడతాయి, భయం పెరుగుతుంది.

రెండు, సాయంత్రమే అందరూ టీవీ ముందు తలలు వాల్చేసి మగతగా ఉన్నారా? అది ప్రశాంతత కాకపోవచ్చు, మందు కావచ్చు. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లకి యాంటీసైకోటిక్ మందులు వాడితే మరణం ముప్పు పెరుగుతుందని అమెరికా ఎఫ్‌డీఏ 2005లోనే గట్టి హెచ్చరిక ఇచ్చింది. ఒక్కోసారి డాక్టర్ చూసి, తక్కువ డోసులో, కొంతకాలానికి ఇవ్వాల్సి రావచ్చు. కానీ స్టాఫ్ తక్కువున్నారని ఇవ్వకూడదు. "కొత్త మందు మొదలుపెట్టే ముందు మాకు చెప్తారా? ఏ డాక్టర్ రాస్తారు?" అని సూటిగా అడగండి.

మూడు, ఒక పెద్దావిడ అదే ప్రశ్న పదోసారి అడిగినప్పుడు ఆయా ఏం చేస్తోంది? "ఎన్నిసార్లు చెప్పాలి!" అని కసురుతోందా, చేయి పట్టుకుని "రా అమ్మా, అలా నడుద్దాం" అంటోందా? ఈ ఒక్క సీన్ మీకు బ్రోషర్ కంటే ఎక్కువ చెప్తుంది.

నాలుగు, బాత్రూమ్‌కి వెళ్లి చూడండి. పట్టుకోవడానికి రాడ్లున్నాయా, నేల జారుతోందా, లోపల గడియ పడిపోతే బయటి నుంచి తీయొచ్చా? గేటు భద్రంగా ఉండాలి, కానీ లోపల తిరగడానికి చోటు కూడా ఉండాలి. నడిచే మనిషిని గదిలో పెట్టి తాళం వేస్తే దాన్ని కేర్ అనరు.

రాత్రి రెండింటికి ఎవరుంటారు?

"స్టాఫ్ ఎంతమంది?" అని అడిగితే మొత్తం లెక్క చెప్తారు. అందులో వంటవాళ్లు, డ్రైవర్, వాచ్‌మన్ కూడా ఉంటారు. ఇలా అడగండి: "రాత్రి రెండింటికి ఈ ఫ్లోర్‌లో మెలకువగా ఎంతమంది ఉంటారు? ఎంతమంది పెద్దవాళ్లకి? వాళ్లలో నర్సు ఉన్నారా?" దానికి "సరిపోయేంతమంది ఉంటారు" అన్నారంటే, మళ్లీ అడగండి. అంకె చెప్పేదాకా అడగండి.

తర్వాత, పడిపోతే ఏం చేస్తారు? ఏ హాస్పిటల్‌కి తీసుకెళ్తారు, అక్కడ తోడు ఎవరుంటారు, మీకు ఎంతసేపట్లో ఫోన్ వస్తుంది? మంచాన పడినవాళ్లని ఎంతసేపటికోసారి పక్కకి తిప్పుతారు? మామూలుగా రెండు గంటలకోసారి అని చెప్తారు, రాసుకునే చార్ట్ ఉంటే చూపించమనండి. మింగడం కష్టమైన వాళ్లకి ఎలా తినిపిస్తున్నారో భోజనం టైమ్‌లో చూడండి. పడుకోబెట్టి హడావిడిగా నోట్లో కుక్కితే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. కూర్చోబెట్టి మెల్లగా పెట్టాలి.

మేనేజర్ లేనప్పుడు ఆయాతో మాట కలపండి. "ఎన్నాళ్ల నుంచి చేస్తున్నావమ్మా ఇక్కడ?" అని. అడిగినవాళ్లంతా "పోయిన నెలే వచ్చా" అంటే ఆలోచించండి. మనుషులు గుర్తుండని జబ్బులో మొహాలు కూడా నెలనెలా మారిపోతే ఇక పట్టుకోవడానికి ఏం మిగులుతుంది?

భాష, తిండి: ఇవి చిన్న విషయాలు కావు

2013లో హైదరాబాద్ నిమ్స్ నుంచి ఒక ప్రసిద్ధ అధ్యయనం వచ్చింది. 648 మంది డిమెన్షియా రోగుల్ని చూస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. భాషకీ మెదడుకీ అంత లోతైన సంబంధం. జబ్బు ముదిరేకొద్దీ చాలామంది తర్వాత నేర్చుకున్న భాషలు జారిపోయి, చిన్నప్పటి భాషకి వచ్చి ఆగుతారు. బ్యాంకులో ముప్పై ఏళ్లు ఇంగ్లీష్‌లో పనిచేసిన తాతయ్య కూడా ఊరి తెలుగులోకే వచ్చేయొచ్చు.

ఇప్పుడు ఆలోచించండి. నాన్నమ్మ "కడుపులో దేవుతోంది" అంటోంది. చూసుకునే అమ్మాయికి హిందీ తప్ప రాదు. ఆ నొప్పి ఎవరికి చేరుతుంది? బెంగళూరు, చెన్నై లాంటి చోట వెతికే తెలుగువాళ్లు దీన్ని మరీ ముఖ్యంగా చూడాలి. ప్రతి షిఫ్ట్‌లో తెలుగు వచ్చినవాళ్లు ఒక్కరైనా ఉండాలి.

తిండి కూడా అంతే. జీవితమంతా చారన్నం, పెరుగన్నం తిన్న మనిషికి రాత్రి రెండు చపాతీలు పెట్టి "తినట్లేదండీ" అంటే తప్పెవరిది? నెలనెలా బరువు చూసి మీకు పంపుతారా అని అడగండి.

డబ్బు, కాగితాలు

నెల ఫీజు ఒక్కటే అడిగి ఊరుకోకండి. డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ, హాస్పిటల్‌లో అటెండర్, ఇవన్నీ అందులో ఉన్నాయా, అదనమా? డిపాజిట్ ఎంత తిరిగొస్తుంది, ఎప్పుడు? ఏడాదికి ఫీజు ఎంత పెంచుతారు? అన్నిటికంటే ముఖ్యం: "పూర్తిగా మంచాన పడ్డాక కూడా ఉంచుకుంటారా?" అవునంటే అది అగ్రిమెంట్‌లో రాయించుకోండి. నోటి మాట వద్దు. హోమ్ రిజిస్ట్రేషన్ కాగితాలు కూడా చూపించమనండి.

ఇంకో విషయం ఇంట్లో చెప్పండి. ఏం జరుగుతోందో అర్థం కాని మనిషి చేత ఆస్తి కాగితాల మీద వేలిముద్ర వేయించకూడదు, అది చెల్లదు. మామూలు పవర్ ఆఫ్ అటార్నీ కూడా రాసిచ్చినవాళ్ల మతి పోయాక పనిచేయదు. కాబట్టి వీలునామా, బ్యాంక్ నామినీ లాంటివన్నీ జబ్బు మొదట్లోనే, వాళ్లకి తెలివి ఉండగానే, లాయర్‌తో మాట్లాడి పెట్టుకోవాలి.

"హోమ్‌లో పడేశారు" అన్న మాట

ఈ మాట ఎవరో ఒకరు అంటారు. రెడీగా ఉండండి. అయితే ఒకటి గమనించండి. ఇంట్లో ఇప్పటిదాకా చూసుకున్నది ఎవరు? చాలా ఇళ్లలో కోడలో, కూతురో, లేదా డెబ్బై దాటిన తాతయ్యో. రాత్రిళ్లు నిద్ర లేక, నడుం పోయి, బీపీ తెచ్చుకున్నది వాళ్లే. మాట అనేవాళ్లలో ఒక్క రాత్రి వచ్చి కూర్చున్నవాళ్లు ఎంతమంది?

చట్టం కూడా ఈ తేడా చూస్తుంది. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం, చూసుకోవాల్సిన పెద్దవాళ్లని పూర్తిగా వదిలించుకోవాలని ఎక్కడో వదిలేస్తే మూడు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. వదిలేయడం నేరం. మంచి చోట చేర్చి, వెళ్లి చూసుకుంటూ ఉండటం వదిలేయడం కాదు.

అందుకే ఊరి చివరి రిసార్ట్ లాంటి హోమ్ కన్నా, మీ ఇంటికి ఆటోలో వెళ్లేంత దూరంలో ఉన్న మామూలు హోమే మేలు, మిగతా చెక్‌లన్నీ పాసైతే. ఇంటివాళ్లు తరచూ, టైమ్ చెప్పకుండా వస్తారని తెలిసిన చోట ఆ మనిషి మీద కన్ను ఉంటుంది. పిల్లలంతా అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటే, వెళ్లి చూసే బంధువునో స్నేహితుడినో ముందు మాట్లాడుకోండి. వీడియో కాల్ టూర్ చాలదు. కెమెరా పట్టుకున్నవాళ్లు చూపించాలనుకున్నదే అందులో కనిపిస్తుంది.

చేర్చే ముందు మీరు చేయాల్సిన పని

వీలైతే ముందు రెండు వారాలు ట్రయల్‌గా ఉంచండి. ఇక మీరు, అంటే మనవడో మనవరాలో, ఒక పేజీ రాయండి. ఆవిడని ఏమని పిలిస్తే పలుకుతుంది, అమ్మమ్మా అంటేనా, టీచరమ్మా అంటేనా? కాఫీ ఎన్నింటికి? తలస్నానం ఏ రోజు? వెజ్జా, నాన్‌వెజ్జా? ఏ పాట వింటే నెమ్మదిస్తుంది? దేనికి భయపడుతుంది? దాన్ని ప్రింట్ తీసి మంచం దగ్గర అంటించండి. కళ్లజోడు, పళ్లసెట్టు, వినికిడి మెషిన్ మీద పేరు రాయండి. బంగారం ఇంట్లోనే ఉంచండి. ఆవిడ బొంత, స్టీల్ గ్లాసు, దేవుడి పటం మాత్రం తప్పకుండా పంపండి.

మొదటి నెల "ఇంటికి పోదాం" అని ఏడుస్తుంది. "ఇదే నీ ఇల్లు" అని వాదించకండి. ఆవిడ అడిగే ఇల్లు చాలాసార్లు మీ ఫ్లాట్ కాదు, ఎప్పుడో చిన్నప్పటి ఇల్లు. "మీ ఇంటి ముందు ఏ చెట్టుండేది నాన్నమ్మా?" అని అడగండి. మాటల్లో పడుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14567కి కాల్ చేయండి. అది పెద్దవాళ్ల కోసం ఉన్న జాతీయ హెల్ప్‌లైన్, ఉచితం. ఎవరైనా పెద్దవాళ్లని హింసిస్తున్నారని తెలిసినా అదే నంబర్. 1992లో కేరళలో మొదలైన ఏఆర్‌డీఎస్‌ఐ అనే అల్జీమర్స్ సంస్థకి హైదరాబాద్‌లో కూడా శాఖ ఉంది, కుటుంబాలకి సలహా ఇస్తారు.

ఈ ఎపిసోడ్‌ని మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. లిస్టులో ముగ్గురి పేర్లు రాసుకుని, ఈ వారంలోనే ఒకరోజు సాయంత్రం బండి తీయండి. ఉంటాను ఫ్రెండ్స్, నమస్తే.