2004 జక్కూరు విమాన ప్రమాదం

జక్కూరు విమాన ప్రమాదం 2004 ఏప్రిల్ 17వ తేదీన బెంగుళూరు ఉత్తర శివార్లలో జరిగినది. జక్కూరు విమానాశ్రయం నుండి కరీంనగర్‌కు బయలుదేరిన సెస్నా 180 రకపు చిన్న విమానం నేలను వదలిన కొద్ది క్షణాలకే కూలిపోయింది. ప్రముఖ చలనచిత్ర నటి సౌందర్య, ఆమె సోదరుడు, పైలట్, మరొక ప్రయాణికుడు, మొత్తం నలుగురూ మరణించారు. తెలుగువారికి ఇది ఒక నటి అకాల మరణంగానే గుర్తుండిపోయింది. విమానయాన శాస్త్రం దృష్ట్యా ఇది తేలికపాటి విమానాలకు టేకాఫ్ సమయంలో సంభవించే ప్రమాదాల కోవకు చెందినది.

ప్రమాద క్రమం

ఆ ఏడాది సార్వత్రిక ఎన్నికలలో తొలి విడత పోలింగు ఏప్రిల్ 20న జరగవలసి ఉన్నది. భారతీయ జనతా పార్టీలో చేరిన సౌందర్య ఆ పార్టీ ప్రచారానికై కరీంనగర్ వెళ్ళదలచారు. విమానం ఉదయం 11 గంటలు దాటిన తరువాత పైకి లేచింది. సుమారు 100 అడుగుల ఎత్తుకు చేరి, సమీపంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయపు గాంధీ కృషి విజ్ఞాన కేంద్రం ఆవరణలో పడి మంటలలో చిక్కుకున్నది.

టేకాఫ్ ఎందుకు ప్రమాదకరం

సెస్నా 180 ఒకే ఇంజను గల అమెరికా విమానం. 1953 నుండి 1981 వరకు తయారైనది. దీని ఇంజను శక్తి సుమారు 230 అశ్వశక్తి. రెక్కలు పైభాగాన, చిన్న చక్రం తోకకింద ఉంటాయి.

విమానం ఎగిరేటప్పుడు ఇంధనంతో నిండి బరువుగా ఉంటుంది, వేగం తక్కువ, ఎత్తు అంతకన్న తక్కువ. ఈ మూడూ ఒకేసారి కలిసే దశ మరొకటి లేదు. అప్పుడు ముక్కు అవసరానికి మించి పైకెత్తితే గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకొని ప్రవహించడం మానివేస్తుంది, మోసే బలం హఠాత్తుగా పడిపోతుంది. దీనిని స్టాల్ అంటారు. స్టాల్ అంటే ఇంజను ఆగిపోవడం కాదు. పత్రికలు సైతం తరచుగా ఇక్కడ పొరబడుతుంటాయి. ఇంజను పూర్తి శక్తితో తిరుగుతుండగానే రెక్క స్టాల్ కావచ్చును. దీనినుండి బయటపడడానికి ముక్కును కిందికి దించి వేగం పుంజుకోవాలి. అందుకు వందల అడుగుల ఎత్తు కావాలి. 100 అడుగులంటే పదంతస్తుల మేడ ఎత్తు మాత్రమే. పైలట్ ఎంత నేర్పరియైనా ఆ ఎత్తులో చేయగలిగినది స్వల్పం.

మలుపు తిరగడం ఈ అపాయాన్ని మరింత పెంచుతుంది. విమానం 45 డిగ్రీలు ఒరిగి మలుపు తిరిగితే స్టాల్ అయ్యే వేగం సుమారు 19 శాతం పెరుగుతుంది. 60 డిగ్రీలు ఒరిగితే 41 శాతం. సరళమార్గంలో సురక్షితమైన వేగమే మలుపులో చాలకపోవచ్చు. టేకాఫ్‌లో ఇంజను విఫలమైతే వెనుకకు తిరగవద్దని, ఎదురుగా కనిపించే ఖాళీ నేలపైనే దిగమని శిక్షకులు పదేపదే బోధించేది ఇందుకే.

గాలి సాంద్రత మరొక అంశం. బెంగుళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. అక్కడ వేసవి పగటిపూట 33 డిగ్రీల ఉష్ణోగ్రత ఉన్నదనుకుంటే, సముద్రమట్టం వద్ద ప్రామాణిక సాంద్రతకన్న గాలి సుమారు 15 శాతం పలుచగా ఉంటుంది. పలుచని గాలిలో రెక్క, ప్రొపెల్లరు, ఇంజను మూడూ బలహీనపడతాయి. అందువలన బయలుదేరేముందు ప్రయాణికుల, సామాను, ఇంధనపు బరువులు, ఆ బరువు ఏ చోట కేంద్రీకృతమైనదో లెక్కించడం తప్పనిసరి.

దర్యాప్తు విధానం

పెద్ద విమానాలలో ఉండే బ్లాక్ బాక్సు ఇటువంటి చిన్న విమానాలలో సాధారణంగా ఉండదు. ఈ తేడా ఎంతటిదో 2009 సెప్టెంబరు 2న అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణించిన హెలికాప్టర్ ప్రమాదంతో పోల్చినచో తెలుస్తుంది. అందులో కాక్‌పిట్ సంభాషణల రికార్డు లభించింది. గేర్‌బాక్సు నూనె పీడనం గురించిన హెచ్చరికపై పైలట్ల దృష్టి మళ్ళినదని, దానికి ప్రతికూల వాతావరణం తోడైనదని దర్యాప్తు సంఘం నిర్ణయించగలిగింది.

రికార్డు లేనిచోట శకలాలే సాక్షులు. నేలను తాకినప్పుడు ప్రొపెల్లరు శక్తితో తిరుగుతుంటే దాని రేకులు మెలితిరిగి వంగుతాయి, నేలపై కోతలు పడతాయి. ఇంజను ఆగి ఉంటే రేకులు కేవలం వెనుకకు వంగుతాయి. పరిశోధకులు నియంత్రణ తీగలను కొసనుండి కొసవరకు పరిశీలిస్తారు, ఇంధనపు నమూనాలను పరీక్షిస్తారు. బరువుల పట్టికను, మరమ్మతుల పుస్తకాన్ని, వాతావరణ నివేదికను సరిపోల్చుతారు. ప్రత్యక్ష సాక్షుల మాటలు అవసరమే గాని, కొద్ది క్షణాలలో ముగిసిన దృశ్యాన్ని ఇద్దరు ఒకేవిధంగా చెప్పడం అరుదు. మంటలు చెలరేగిన ప్రమాదాలలో ఈ ఆధారాలలో కొన్ని నశిస్తాయి.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 13వ అనుబంధం ప్రకారం దర్యాప్తు ఉద్దేశం మరొక ప్రమాదాన్ని నివారించడమే, ఎవరినీ దోషిగా నిలబెట్టడం కాదు. 2004లో మన దేశంలో ఈ బాధ్యత పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ చేతిలో, 1937 నాటి విమాన నియమాల కింద ఉండేది. విమానాలకు అనుమతులిచ్చే సంస్థయే ప్రమాదాన్ని విచారించడం సరికాదనే ఆక్షేపణ న్యాయమైనదే. తప్పు తనిఖీలోనే ఉంటే దానిని తనిఖీదారే వెలికి తీయవలసి వచ్చేది. 2012లో విమాన ప్రమాద దర్యాప్తు సంస్థ వేరుగా ఏర్పడింది.

నల్గొండ జిల్లాలో ప్రమాదం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలకు విమానాశ్రయం లేదు. మిర్యాలగూడకు నైరుతిగా, కృష్ణకు ఆవలి ఒడ్డున విజయపురి సౌత్‌లో ఒక చిన్న రన్‌వే ఉన్నది. అక్కడి శిక్షణా సంస్థకు చెందిన రెండు సీట్ల సెస్నా 152 విమానం 2022 ఫిబ్రవరి 26న నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి వద్ద పొలాలలో కూలిపోగా, ఒంటరిగా నడుపుతున్న శిక్షణార్థి మరణించింది. ఇది టేకాఫ్ ప్రమాదం కాకపోయినా, తక్కువ అనుభవం, చిన్న విమానం అనే అంశాల వలన దీనిని ఈ కోవలోనే చదువుకోవచ్చును.