మద్యరోగులు - బీమా కంపెనీలు

మన దేశమున అమ్ముడుపోవు ఆరోగ్యబీమా పాలసీలలోని యొక వాక్యమును గూర్చి నేడు మేము వ్రాయ దలచితిమి. మినహాయింపుల ప్రకరణమున, 12వ సంఖ్యక్రింద, చిన్న యక్షరములలో నది కానవచ్చును. మద్యవ్యసనమునకు గాని, మాదకద్రవ్య వ్యసనమునకు గాని, మఱి యే యితర వ్యసనమునకు గాని చేయు చికిత్సకును, వానివలన కలుగు పరిణామములకును కంపెనీ సొమ్ము చెల్లింపదని దాని తాత్పర్యము. ఇది యే యొక కంపెనీయో తనకు తోచినట్లు వ్రాసికొన్న మాట కాదు. 2019 సెప్టెంబరులో బీమా నియంత్రణ సంస్థ మినహాయింపుల పదజాలము అన్ని కంపెనీలకు నొకే తీరున నుండవలెనని స్థిరపఱచినపుడు దీనిని కూడ అందు జేర్చినది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయము మన హైదరాబాదుననే యున్నది గనుక, ఈ మాట అచ్చటివారి చెవిని బడుట కష్టము కాదని తలంతుము.

చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. మానసిక వ్యాధి యనగా నేమో నిర్వచించుచు నా చట్టము, మద్యము, మాదకద్రవ్యముల దుర్వినియోగముతో సంబంధించిన మానసిక స్థితులను కూడ స్పష్టముగా అందు జేర్చినది. శారీరక వ్యాధులకు ఏ ప్రాతిపదికపై బీమా యిత్తురో మానసిక వ్యాధులకును ఆ ప్రాతిపదికపైననే యీయవలెనని 21వ సెక్షను నాలుగవ ఉపవిభాగము ప్రతి బీమా కంపెనీని శాసించుచున్నది. దీనిని పాటింపుడని 2018 ఆగస్టులో నియంత్రణ సంస్థయే కంపెనీలకు తాకీదు పంపినది. అంతేకాదు, 2019 నాటి యుత్తరువులోనే మానసిక వ్యాధుల చికిత్సను మినహాయింపరాదనియు నున్నది. అనగా, ఒక్క యుత్తరువే మానసిక వ్యాధులను త్రోసివేయరాదని యొకచోట చెప్పి, పార్లమెంటు మానసిక వ్యాధియని పేర్కొన్నదానిని త్రోసివేయుటకు మఱియొకచోట సెలవిచ్చినది! 2021లో ఢిల్లీ హైకోర్టు, మానసిక వ్యాధి చికిత్సకు సొమ్ము నిరాకరించిన యొక కంపెనీ వ్యవహారమున, ఆ చట్టము అమలులోనికి వచ్చిన నాటినుండియు కంపెనీలు దానికి లోబడవలసినదేయని తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము మద్యమును గూర్చినది కాదు. కాని చట్టములోని నిర్వచనమొక్కటియే యైనపుడు, అందలి యొక భాగమునకు తీర్పు వర్తించి మఱియొక భాగమునకు వర్తింపకుండుటకు కారణము మాకు కానరాకున్నది.

ఇది న్యాయవాదుల కాలక్షేపమునకు మాత్రమే పనికివచ్చు వైరుధ్యమని యెవరైన ననుకొందురేమో! కేంద్ర సాంఘికన్యాయ మంత్రిత్వశాఖ పక్షమున ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థవారు జరిపిన దేశవ్యాప్త పరిశీలన 2019లో వెలువడినది. దాని ప్రకారము మద్యమువలన చెడి యితరుల సాయమవసరమైనవారు సుమారు 5.7 కోట్లు, అందు 2.9 కోట్లమంది మద్యమునకు పూర్తిగా బానిసలైనవారు. ఈ బానిసలలో ఏదో యొక విధమైన చికిత్స లభించినది 38 మందిలో నొక్కనికి. ఆసుపత్రిలో నుండి చికిత్స పొందినవాడు 180 మందిలో నొక్కడు. ఈ దుస్థితి యధికముగా నున్న రాష్ట్రముల వరుసలో ఆంధ్రప్రదేశము పేరును ఆ నివేదికయందు కలదు. ఆ యొక్కని చికిత్సకైన సొమ్ము ఎచ్చటినుండి వచ్చుచున్నది? ఇల్లాలి మెడలోని బంగారమునుండి వచ్చుచున్నది. సారాయంగడికి పోగా మిగిలిన పుస్తెలతాడు తాకట్టు దుకాణమునకు పోవుచున్నది. ప్రతి యేటను తప్పక ప్రీమియము కట్టిన కుటుంబమునకు సయితము ఇదియే గతి.

"త్రాగుట మానుకొన్న సరిపోవును గదా, దీనికి చికిత్స యేల?" అను ప్రశ్నను చదువుకొన్నవారినుండియే తఱచుగా వినుచున్నాము. దీనికి సమాధానము 2020లో దొరికినది. ఆ సంవత్సరము మార్చి 25వ తేదీన దేశమంతట నిర్బంధము విధింపబడి మద్యపు దుకాణములు, కల్లు కాంపౌండులు మూతపడినవి. వ్యసనపరులందఱును నాడు బలవంతముగా మానిన వారే. కొలదిదినములలోనే హైదరాబాదు ఎఱ్ఱగడ్డలోని మానసిక చికిత్సాలయమునకు వణకుచు, మూర్ఛలు వచ్చుచు, లేనివానిని చూచి భయపడుచు నున్న రోగులు గుంపులుగా రాసాగిరి. దీర్ఘకాలము త్రాగినవాడు హఠాత్తుగా మానినచో రెండు మూడు దినములలో మూర్ఛలును సన్నిపాతమును కలుగవచ్చును. చికిత్స లేనిచో ప్రాణమే పోవచ్చును. మందులు పెద్ద ఖరీదైనవి కావు. నాడులను శాంతపఱచు ఔషధము కొలదిదినములు, థయమిన్ అను బి1 విటమిను, పిదప మరల త్రాగవలెనను కోరికను తగ్గించు నాల్ట్రెక్సోను, అకాంప్రోసేటు వంటివి, వానితో పాటు నెలల తరబడి వైద్యుని సలహా. ఖర్చు అధికమగునది మొదట ఆసుపత్రిలో గడపవలసిన దినములకు. బీమా యనునది కనిపెట్టబడినది ఇట్టి ఖర్చుకొఱకే కదా!

12వ మినహాయింపులో వ్యసనమను మాటకంటె పరిణామములను మాట మిక్కిలి ప్రమాదకరమైనది. కాలేయము చెడినను, క్లోమము వాచినను, కడుపున రక్తస్రావమైనను, రోగి చరిత్రలో వైద్యుడు 'అప్పుడప్పుడు త్రాగును' అని యొక పంక్తి వ్రాసినచో చాలును; క్లెయిము త్రోసివేయుటకు కంపెనీకి ఆధారము దొరకినట్లే. ఈ భయముచేత కుటుంబములు వైద్యునియొద్ద నిజము దాచుచున్నవి. నిజమెఱుగని వైద్యుడు శస్త్రచికిత్స చేసిన మూడవనాడు రోగికి సన్నిపాతము పుట్టుచున్నది. పాలసీలోని యొక మాట రోగిచేత వైద్యునికి అబద్ధము చెప్పించుచున్నదనిన, దానివలన కలుగు హాని లెక్కల పుస్తకములకు అందునది కాదు.

కంపెనీల పక్షమున చెప్పబడు వాదము సులభమైనది. ఇది తానుగా కొనితెచ్చుకొన్న రోగము, దానికి ఇతరుల ప్రీమియము ఏల ఖర్చు కావలెనని. మితిమీరి తినుటవలన వచ్చిన మధుమేహమునకును, వ్యాయామమెఱుగని వాని గుండెజబ్బునకును ఈ ధర్మసూక్ష్మము గుర్తునకు రాదేమి? ప్రీమియములు పెరుగునన్న వాదములో కొంత నిజము లేకపోలేదు. కాని త్రాగుబోతు ముప్పదియైదవయేట పదిదినములు ఆసుపత్రిలో గడపుటకును, ఏబదియవయేట చెడిన కాలేయముతో నెలలకొలది మంచమున పడియుండుటకును గల వ్యయభేదమును లెక్కకట్టుటకు గొప్ప గణితశాస్త్రజ్ఞులక్కఱలేదు.

జర్మనీ దేశమున ఈ వివాదము చాలకాలము క్రిందటనే ముగిసినది. 1968 జూన్ 18వ తేదీన అచ్చటి సమాఖ్య సాంఘిక న్యాయస్థానము, త్రాగుట మానలేని స్థితి బీమా చట్టముల దృష్టిలో వ్యాధియే యని తీర్పు చెప్పినది. అటుపిమ్మట 1978లో ఒక ఒడంబడిక ప్రకారము శరీరమునుండి మత్తును వదలించు చికిత్సను ఆరోగ్యబీమా నిధులును, అలవాటును మాన్పించు దీర్ఘచికిత్సను పింఛను బీమా సంస్థలును భరించుట కేర్పాటయ్యెను. పింఛను సంస్థకు దీనితో నేమి పని యందురా? పనిచేయలేక యింట కూర్చున్నవానికి జీవితాంతము భృతి యిచ్చుటకంటె, బాగుచేసి పనిలోనికి పంపుట చౌక యని జర్మనులు లెక్క చూచుకొనిరి. ఇందు దయాధర్మముల ప్రసక్తియే లేదు! అమెరికాలో 2008 చట్టము, వ్యసనచికిత్సకు బీమా యిచ్చు పథకములు శారీరక చికిత్సకంటె కఠినమైన షరతులు పెట్టరాదని నియమించినది. 2010 చట్టము వ్యక్తులకును చిన్న సంస్థలకును అమ్ము పాలసీలలో ఈ చికిత్సను ఆవశ్యకసేవగా జేసినది.

మన తెలుగుదేశమునకు మద్యముతో పోరాటము క్రొత్త కాదు. చెన్నరాష్ట్రమున రాజగోపాలాచారిగారి ప్రభుత్వము 1937లో సేలము జిల్లాలో ప్రారంభించిన నిషేధమును మఱుసటియేట చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రేపిన యుద్యమము 1993 అక్టోబరు 1వ తేదీన సారా నిషేధమునకును, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధమునకును దారితీసినది. 1997లో నిషేధము సడలింపబడినది. ఈ ఘట్టములన్నిటను ఉద్యమపు దృష్టి యంగడిపై నిలిచినది. అది న్యాయమే. అయితే అంగడి మూయబడినపుడును, మరల తెఱవబడినపుడును, చేతులు వణకుచు వాకిట నిలిచిన మనుష్యుని గతి యేమని చర్చింపబడినది తక్కువ. రాజ్యాంగము 47వ అధికరణము ప్రజారోగ్యాభివృద్ధిని, మత్తుపానీయముల నిషేధమును ఒక్కచోటనే ప్రభుత్వమునకు కర్తవ్యములుగా చెప్పినది. ప్రభుత్వములు రెండవదానిని విడిచి, మద్యముపై పన్నును ఖజానాకు గొప్ప ఆధారముగా జేసికొన్నవి. అట్లయినచో మొదటిదానినైన విడువకుండుట వాని విధి. సీసా అమ్మి పన్ను గైకొన్న చేయి, ఆ సీసావలన పడిపోయినవాని చికిత్సకు ముడుచుకొనుట యేమి నీతి?

వింత యేమనగా, బీదలకొఱకు 2018 సెప్టెంబరు 23వ తేదీన ప్రారంభింపబడిన ఆయుష్మాన్ భారత్ పథకపు చికిత్సల పట్టికలో మత్తుపదార్థములవలన కలుగు మానసిక వ్యాధులకు స్థానము కలదు. దీర్ఘకాల పునరావాసమునకు మాత్రము అందును చోటు లేదు. ధర్మముగా నిచ్చు బీమాలో నున్న సేవ, సొమ్ము పెట్టి కొన్న బీమాలో లేదు! గుమాస్తాలు, ఉపాధ్యాయులు, చిన్న వర్తకులు ఈ రెంటికి నడుమ చిక్కుకొన్నారు.

12వ మినహాయింపును నియంత్రణ సంస్థ తొలగింపవలెను. ఒక్కసారిగా తొలగించుట కష్టమని తోచినచో, ముందుగా పరిణామములను మాటను తీసివేసి, మత్తు వదలించు ఆసుపత్రి చికిత్సను తప్పనిసరి చేయవలెను. ఈ వ్యాధిచికిత్స చాలవరకు ఆసుపత్రిలో చేరకయే జరుగునది గనుక, ఇరువదినాలుగు గంటలు పడకపై నుండినగాని సొమ్ము రాదను నియమమును దీనికి సడలింపవలెను.

అంతవరకు పాలసీదారులు ఊరకుండ నక్కఱలేదు. దరఖాస్తు పత్రమున త్రాగుడు అలవాటును దాచరాదు. దాచినది బయటపడినచో ఉన్న హక్కును పోవును. క్లెయిము నిరాకరింపబడినచో కారణమును వ్రాతమూలకముగా కోరవలెను. మినహాయింపు వర్తించునని రుజువు చేయు భారము కంపెనీదే గాని రోగిది కాదు. కాలేయవ్యాధికి మద్యము తప్ప వేఱు హేతువులు పెక్కులు గలవు. మొదట కంపెనీకి ఫిర్యాదు వ్రాసి, అచ్చట న్యాయము దొరకనిచో ఏడాదిలోపుగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు అర్జీ పెట్టవచ్చును. రెండు తెలుగు రాష్ట్రములకును ఆ కార్యాలయమే. రుసుము లేదు, వకీలుతో పని లేదు. 2017 చట్టములోని మానసిక వ్యాధి నిర్వచనమును, 21వ సెక్షనును అర్జీయందు ఉదాహరింపవలెను. రాజీ కుదరనిచో ఆ యధికారి కారణములు వ్రాసి తీర్పు చెప్పవలసియుండును.