సొమ్ము ఒకరిది, తీర్పు ఒకరిది

2013 ఏప్రిల్‌లో ఇటలీకి చెందిన మసెరాటి సంస్థ గిబ్లీ అనే కొత్త కారును షాంఘై మోటార్ షోలో ఆవిష్కరించింది. అది విలాసవంతమైన స్పోర్ట్స్ సెడాన్. అంటే నాలుగు తలుపులు, కుటుంబానికి చోటు, సామానుకు వేరుగా డిక్కీ ఉంటూనే, ఖాళీ రోడ్డు కనబడితే దూసుకుపోగల బండి. ఖాళీ రోడ్డు వెతుక్కోవడం మాత్రం కొన్నవారి బాధ్యత.

ఆ కారును చూసి కారు ప్రియులు రెండుగా చీలారని అప్పట్లో అన్నారు. అది కొంతవరకే నిజం. బయటి రూపాన్ని మెచ్చుకున్న మనిషే తలుపు తెరిచి లోపల కూర్చోగానే మాట మార్చిన సందర్భాలు ఎక్కువ. కాబట్టి ఎవరు ఏ పక్షమన్నది వదిలేసి, ఏ ఫిర్యాదులో ఎంత సరుకుందో చూడటం మేలు. గిబ్లీ ఉత్పత్తి 2023తో ఆగిపోయింది గనుక ఇప్పుడు ఆ పని తేలిక. ఎవరి మాట నిలిచిందో కాలమే చెప్పేసింది.

ముందుగా, ఆ కారు ఎందుకు పుట్టిందో తెలియాలి. 2012లో మసెరాటి ప్రపంచమంతటా కలిపి అమ్మినవి సుమారు 6 వేల కార్లు. యజమాని అయిన ఫియట్ సంస్థ అధిపతి సెర్జియో మార్కియోనెకు ఆ అంకె నచ్చలేదు. ఏటా 50 వేలు అమ్మాలని లక్ష్యం పెట్టారు. అప్పటికే సిద్ధమైన క్వాట్రోపోర్టే అనే పెద్ద సెడాన్ పొడవు 5,262 మిల్లీమీటర్లు. అంత పొడవైన బండిని, అంత ధరకు కొనేవారు లోకంలో పరిమితం. దాని పునాదినే కుదించి 4,971 మిల్లీమీటర్లకు తెచ్చి, ధర కూడా తగ్గించి, జర్మన్ సెడాన్లు కొనేవారికి చూపించాలన్నది ఆలోచన. ఆవిష్కరణ షాంఘైలో జరగడం యాదృచ్ఛికం కాదు. కొనేవారు ఎక్కడున్నారో సంస్థకు తెలుసు. వ్యాఖ్యానించేవారు ఎక్కడైనా ఉంటారు.

మొదటి ఫిర్యాదు పేరు మీద వచ్చింది. 1966లో ట్యూరిన్ ప్రదర్శనలో కనబడిన అసలు గిబ్లీ రెండు తలుపుల కారు. జార్జెట్టో జుజారో గీసిన రూపం, ముందు పొడవాటి బానెట్, దాని కింద ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజిన్. అన్ని రకాలూ కలిపి సుమారు 1,300 మాత్రమే తయారయ్యాయి. అలాంటి పేరును నాలుగు తలుపుల, ఆరు సిలిండర్ల, టర్బో ఇంజిన్ బండికి తగిలించడం అపచారమని సంప్రదాయవాదులు అన్నారు.

ఈ వాదనకు ఒకే ఒక్క ఇబ్బంది ఉంది. 1992లోనూ మసెరాటి ఒక గిబ్లీని తెచ్చింది. దానిలో ఉన్నది ఆరు సిలిండర్ల ఇంజిన్, దానికి రెండు టర్బోలు. అసలు 1981లో బైటర్బో అనే కారుతో జంట టర్బోలను రోడ్డు మీదికి తెచ్చిన ఘనత కూడా ఈ సంస్థదే. 1968 నుంచి ఫ్రెంచ్ సిట్రోయెన్ చేతిలో, 1975 నుంచి డి తొమాసో చేతిలో, 1993 నుంచి ఫియట్ చేతిలో ఉన్న సంస్థకు ఒకే సంప్రదాయం ఉండటం కష్టం. కారు ప్రియుడి దృష్టిలో సంప్రదాయం అంటే సాధారణంగా అతనికి పదిహేనేళ్లప్పుడు గోడ మీద అంటించుకున్న బొమ్మ. ఆ బొమ్మకు ముందూ వెనకా ఉన్న చరిత్ర లెక్కలోకి రాదు.

రెండో ఫిర్యాదు ధ్వని గురించి. దీనిలో కొంత భౌతికశాస్త్రం ఉంది కాబట్టి కాస్త ఆగుదాం. మామూలు ఇంజిన్ తనకు కావలసిన గాలిని తానే పీల్చుకుంటుంది. టర్బో ఇంజిన్‌లో, బయటకు పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం లోపలికి గాలిని బలవంతంగా తోస్తుంది. దానివల్ల చిన్న ఇంజిన్‌తోనే ఎక్కువ శక్తి వస్తుంది. కానీ పొగ ఆ చక్రాన్ని తిప్పే పనిలో తన ఊపును కొంత పోగొట్టుకుంటుంది. మనకు వినబడే గర్జన ఆ ఊపులోంచి వచ్చేదే. నాదస్వరం అనసులో గుడ్డ కుక్కి వాయించమన్నట్టు ఉంటుంది పరిస్థితి. రాగం అదే, గొంతు వేరు.

అంతకు ముందు తరం క్వాట్రోపోర్టే 2003లో వచ్చింది. దాని 4.2 లీటర్ల వి-8 ఇంజిన్‌కు టర్బో లేదు. నిమిషానికి 7 వేల చుట్ల దగ్గర అది పాడే పాట కోసమే కారు కొన్నవారు ఉన్నారు. వారికి గిబ్లీలోని 3 లీటర్ల జంట టర్బో వి-6 ఇంజిన్, అది ఫెరారీ వారి మారనెల్లో కర్మాగారంలో తయారైనదే అయినా, సరిపోయేలా లేదు. ఇంజినీర్లకు ఈ సంగతి తెలుసు. అందుకే పొగగొట్టంలో కవాటాలు అమర్చారు. స్పోర్ట్ మీట నొక్కితే అవి తెరుచుకుని చప్పుడు పెరుగుతుంది. న్యాయంగా చెప్పాలంటే, టర్బో ఇంజిన్లలో అది వినసొంపైనదే. ఐరోపాలో కర్బన ఉద్గారాల నిబంధనలు బిగుస్తున్న కాలంలో అంతకు మించి ఆశించడం అత్యాశ. ఈ ఫిర్యాదు నిజమే గాని, దానికి జవాబు చెప్పవలసింది మసెరాటి కాదు.

అసలు గొడవ డీజిల్ దగ్గర మొదలైంది. 1914లో పుట్టిన మసెరాటి తన చరిత్రలో తొలిసారి డీజిల్ ఇంజిన్ పెట్టింది గిబ్లీలోనే. శక్తి 275 అశ్వబలం, గరిష్ఠ వేగం గంటకు 250 కిలోమీటర్లు. దాన్ని తయారుచేసిన వీఎం మోటోరి సంస్థే జీప్ గ్రాండ్ చెరొకీకి కూడా ఇంజిన్ ఇస్తుందన్న సంగతి తెలిశాక కారు ప్రియుల బాధ రెట్టింపయింది. ఆ బాధ తగ్గించడానికి సంస్థ పొగగొట్టాల దగ్గర రెండు ధ్వని పరికరాలు అమర్చి దానికి యాక్టివ్ సౌండ్ అని పేరు పెట్టింది. ఇంజిన్ చప్పుడు అణచడానికి సైలెన్సర్, పక్కనే చప్పుడు పెంచడానికి స్పీకర్. మానవజాతి ఇంజినీరింగ్ ప్రయాణంలో ఇదొక మజిలీ.

అయితే ఆ రోజుల్లో ఐరోపాలో అమ్ముడవుతున్న పెద్ద జర్మన్ సెడాన్లలో అధిక భాగం డీజిల్‌వే. డీజిల్ లేకుండా ఆ అంగట్లో దుకాణం తెరవడం కుదరదు. ఇటలీలో ఇంకొక మెలిక కూడా ఉంది. అక్కడ 185 కిలోవాట్లు దాటిన కార్ల మీద, దాటిన ప్రతి కిలోవాట్‌కూ ఏడాదికి 20 యూరోల అదనపు పన్ను. దాన్ని సూపర్‌బొల్లో అంటారు. 275 అశ్వబలమంటే 202 కిలోవాట్లు. అంటే పన్ను 340 యూరోలు. సంస్థ ఏం చేసిందంటే, ఇటలీ కోసం ప్రత్యేకంగా శక్తిని 250 అశ్వబలానికి, అంటే 184 కిలోవాట్లకు తగ్గించిన డీజిల్ గిబ్లీని కూడా అమ్మింది. విలాసవంతమైన కారుకు పదుల వేల యూరోలు పోసిన మనిషి, ఏడాదికి 340 యూరోలు తప్పించుకోవడానికి పాతిక గుర్రాలను ఆనందంగా వదులుకుంటాడని ఎవరో సరిగ్గా అంచనా వేశారు. కారు ప్రియులకు అర్థంకాని విషయం ఇదే. వారు తూచేది పరువు, కొనేవాడు తూచేది పన్ను.

అంకెల మీద పోట్లాడినవారు ఇంకొందరు. 410 అశ్వబలం ఉన్న గిబ్లీ ఎస్ నిలుచున్న చోటు నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 5 సెకన్లు తీసుకుంటుంది. అప్పటి బీఎండబ్ల్యూ ఎం5 కు 4.4 సెకన్లు. తేడా 0.6 సెకను. దీని మీద ఎన్ని గంటల చర్చ జరిగిందో ఎవరూ కొలవలేదు.

ఇక అన్నిటికన్నా చిన్నదిగా కనబడిన ఫిర్యాదు దగ్గరికి వద్దాం. 2009లో అమెరికాలో దివాలా నుంచి బయటపడుతున్న క్రైస్లర్‌ను ఫియట్ చేరదీసింది. ఆ బంధుత్వం గిబ్లీ లోపల కనబడింది. మధ్యలో ఉన్న 8.4 అంగుళాల తెర క్రైస్లర్ వారిది, మీద మసెరాటి త్రిశూలం గుర్తు వేసి పెట్టారు. కిటికీ అద్దాలు దించే స్విచ్చులు క్రైస్లర్ వారి డాడ్జ్ కార్లలో చేతికి తగిలేవే. ఇటలీ తోలు, చేతి కుట్టు, వాటి మధ్య అమెరికాలో అద్దెకార్లలో కనబడే ప్లాస్టిక్. అమెరికాలో సుమారు 67 వేల డాలర్లు పోసినవాడు దీన్ని గమనించడా అని కారు ప్రియులు అడిగారు. ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అని మిగిలినవారు నవ్వారు.

నా ఉద్దేశంలో ఆ రోజుల్లో వచ్చిన ఫిర్యాదుల్లో పూర్తి బరువున్నది ఇదొక్కటే. ఇంజిన్‌ను యజమాని తాకడు, ఏడాదికోసారి మెకానిక్ తాకుతాడు. పొగగొట్టాన్ని ఎవరూ తాకరు. స్విచ్చును యజమాని రోజూ పదిసార్లు తాకుతాడు. విలాసం అనే సరుకు చేతివేళ్లకు అందవలసింది అక్కడే. అక్కడ మిగిల్చిన సొమ్ము కారు మొత్తం ఖరీదులో ఏపాటి? ఆ పిసినారితనం మాత్రం ఆ పదిసార్లూ యజమానికి గుర్తొస్తుంది.

అదే కోవకు చెందిన గేర్ లివర్ సంగతి ఇంకా సూటిగా ఉంది. గిబ్లీలో ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ జర్మనీకి చెందిన జెడ్‌ఎఫ్ సంస్థది, చాలా మంచిది. దాన్ని నడిపే లివర్ మాత్రం ముందుకు తోసినా వెనక్కి లాగినా మళ్లీ మధ్యకు వచ్చేస్తుంది. అంటే బండి ఏ గేర్‌లో ఉందో చేతికి తెలియదు, కంటితో వెలుగుతున్న అక్షరాన్ని చూడాలి. పార్కింగ్‌లో పెట్టాననుకుని దిగిపోతే, బండి తనంతట తాను కదిలే ప్రమాదం ఉంది. మొదట్లోనే పరీక్షించినవారు దీన్ని తికమక అన్నారు, అలవాటవుతుందిలే అన్న జవాబు వచ్చింది. 2016లో 2014 మోడల్ గిబ్లీ, క్వాట్రోపోర్టే కార్లు సుమారు 13 వేలను అమెరికాలో ఈ కారణంతోనే వెనక్కి పిలిచారు. ఇదే తరహా లివర్ ఉన్న క్రైస్లర్, డాడ్జ్, జీప్ కార్లు ప్రపంచమంతటా కలిపి 11 లక్షలను అదే సంవత్సరం వెనక్కి పిలిచారు. బంధుత్వం కష్టసుఖాలు రెండిటికీ వర్తించింది.

మెచ్చుకున్నవారిని మరిచిపోవడం అన్యాయం. లొరెంజో రమచ్చోత్తి ఆధ్వర్యంలో గీసిన ఆ రూపం, ముందు చక్రాల వెనక మూడు రంధ్రాలు, చట్రం లేని తలుపు అద్దాలు ఇప్పటికీ అందంగానే ఉన్నాయి. పోటీదారులు మోటారుతో నడిచే స్టీరింగ్‌కు మారిపోతున్న కాలంలో గిబ్లీ పాతకాలపు ద్రవపీడన స్టీరింగ్‌ను, అంటే నూనె ఒత్తిడితో సాయం చేసేదాన్ని, అట్టేపెట్టుకుంది. దానివల్ల రోడ్డు గరుకుతనం చేతులకు తెలుస్తుంది. కారు ప్రియులు దీన్ని వేనోళ్ల పొగిడారు. 2018 మోడల్‌తో, దారి తప్పకుండా కాపాడే సాయాలు కావాలనడంతో, అది కూడా మోటారు స్టీరింగ్‌కు మారింది.

ఇంతకూ అమ్మకాలు ఏమయ్యాయి? 2013లో మసెరాటి సుమారు 15 వేల కార్లు అమ్మింది. 2014లో 36 వేలు దాటింది. అపచారం, డీజిల్, స్పీకర్లు అన్నీ కలిసి రెండేళ్లలో అమ్మకాలను దాదాపు ఆరు రెట్లు చేశాయి. ఉత్సాహం పట్టలేక ఆ ఏడాదే సంస్థ 2018 నాటికి 75 వేలు అమ్ముతామని ప్రకటించింది. 2015లో అమ్మకాలు తగ్గాయి. లెవాంతే అనే ఎస్‌యూవీ వచ్చాక 2017లో 50 వేలు తాకి, 2019కి 20 వేల లోపుకు జారాయి. మొదటిసారి కొన్నవారిలో చాలామంది రెండోసారి రాలేదన్నదే ఈ లెక్కకు సహజమైన అర్థం. డీజిల్ నచ్చక కాదు, డీజిల్ కావాలనే వారు వచ్చారు. తెల్లవారి లేస్తే తగిలే స్విచ్చులు, తెర, లివర్, వేగంగా పడిపోయే పునర్విక్రయ ధర వారిని మళ్లీ జర్మన్ దుకాణాలకు పంపాయి.

కారు ప్రియులు అడిగిన వి-8 చివరికి 2020లో వచ్చింది. గిబ్లీ ట్రోఫియో, 580 అశ్వబలం, గంటకు 326 కిలోమీటర్లు. అదే ఏడాది హైబ్రిడ్ కూడా వచ్చింది, డీజిల్ అవసరం తీరింది. 2023లో వీడ్కోలుగా 334 అల్తిమా పేరుతో మరింత వేగమైన బండిని తెచ్చి, దాన్ని 103 కార్లకే పరిమితం చేశారు. 2024లో మసెరాటి మొత్తం అమ్మకాలు 11 వేల పైచిలుకు.

అమెరికాలో ఇప్పుడు తొలినాటి గిబ్లీలు కొత్త మామూలు సెడాన్ కన్నా చౌకగా పాత కార్ల అంగళ్లలో దొరుకుతున్నాయి. అప్పట్లో అభిప్రాయం మాత్రమే ఉన్నవారి దగ్గర ఇప్పుడు దానికి సరిపడా సొమ్ము కూడా ఉంది. అలా కొనబోయేవారు 2014 బండి అయితే గేర్ లివర్ మరమ్మతు జరిగిందో లేదో పత్రాల్లో చూసుకోవాలి. నడిపి చూశాక, దిగేముందు పార్కింగ్ అక్షరం వెలిగిందో లేదో కూడా చూసుకోవాలి.