రెండు ఒడ్డుల నడుమ బిడ్డ

కొల్లాపూరు నుండి సుమారు పది కిలోమీటర్లు పోయినచో కృష్ణ ఒడ్డున సోమశిల గ్రామము వచ్చును. నాగర్‌కర్నూలు జిల్లాలోని ఈ ఊరిలో లలితా సోమేశ్వరాలయము కలదు. నేడు మనము దర్శించు చోటు ఆ గుడి మొదట వెలసిన చోటు కాదు. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలము ప్రాజెక్టు వలన నది వెనుకకు నిలిచి జలాశయమైనప్పుడు ఎన్నో పల్లెలు, పొలములు నీట మునిగెను. గుడి మునుగునని ముందుగా ఎరిగిన పెద్దలు దానిని విప్పి, ఎత్తైన నేలకు తరలించి, తిరిగి నిలిపిరి.

ఆవలి ఒడ్డు నంద్యాల జిల్లా. 2014 జూన్ 2 నుండి ఈవలి ఒడ్డు ఒక రాష్ట్రము, ఆవలి ఒడ్డు మరియొక రాష్ట్రము. పడవలు మాత్రము ఎప్పటివలెనే అటునిటు తిరుగుచున్నవి. ఇట్టి చోట ఆవలి ఒడ్డున మెట్టినిల్లు, ఈవలి ఒడ్డున పుట్టినిల్లు గల ఒక ఇల్లాలిని ఊహింతము. భార్యాభర్తలకు పొసగక ఆమె పదేండ్ల కూతురితో పుట్టింటికి వచ్చినది. బిడ్డ అయిదవ తరగతి. సంవత్సరము నడుమ చదువు ఆగినది. పెద్దమనుషులు కూర్చుండిరి.

“పిల్లను నా దగ్గరికి పంపితేనే దుడ్లిచ్చేది” అని తండ్రి మాట.

“పైసలియ్యనోనికి పిల్లను ఎందుకు చూపియ్యాలె?” అని తల్లి మాట.

ఇద్దరి మాటలోను కొంత బాధ కలదు. కొంత న్యాయము కూడ ఉన్నట్లు తోచును. కాని రెండు మాటలును బిడ్డను తూకపురాయిగా చేసినవే. బిడ్డను దగ్గర నుంచుకొనుట వేరు. బిడ్డను పోషించుట వేరు. ఒకటి రెండవదానికి వెల కాదు. ఈ ఒక్క సంగతి తెలిసినచో తగవులో సగము తీరును.

మన చట్టములలో దీనికి పునాది పాతదే. 1890 నాటి సంరక్షకుల, మైనర్ల చట్టము 17వ సెక్షను సంరక్షకుని నియమించునప్పుడు బిడ్డ క్షేమమును చూడవలెనని చెప్పినది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము 13వ సెక్షనులో ఆ క్షేమమే అన్నింటికంటె మిన్న యని నిర్ణయించినది. 1973లో రోజీ జేకబ్ కేసులో సుప్రీంకోర్టు బిడ్డలు తల్లిదండ్రుల సొత్తును కారు, ఆటవస్తువులును కారు అని తేల్చినది. “బిడ్డ ఎవరిది?” అనునది న్యాయస్థానము ముందున్న ప్రశ్న కాదు. “ఎవరి వద్ద బిడ్డకు మేలు?” అనునదే ప్రశ్న.

తండ్రియే సహజ సంరక్షకుడు గదా అని కొందరందురు. 1956 చట్టము 6వ సెక్షనులో తండ్రి, ఆయన తరువాత తల్లి అని ఉన్న మాట నిజమే. అయితే 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ఆ “తరువాత” అను మాటకు “తండ్రి మరణానంతరము” అని మాత్రమే అర్థము చెప్పరాదన్నది. తండ్రి బిడ్డను పట్టించుకొనని యెడల ఆయన జీవించి యుండగానే తల్లి సంరక్షకురాలు కాగలదు. అయిదేండ్లు నిండని బిడ్డ సాధారణముగా తల్లి వద్దనే ఉండవలెనని ఆ సెక్షనే చెప్పుచున్నది. దీనినిబట్టి అయిదేండ్లు నిండిన మరునాడు బిడ్డ తండ్రి పాలగునని తలచుట పొరపాటు. అప్పుడును చూడవలసినది క్షేమమే. బిడ్డ తన ఇష్టమును తెలివితో చెప్పగల వయసుదైనచో ఆ మాటను కూడ న్యాయాధిపతి గమనింపవచ్చునని 1890 చట్టము చెప్పుచున్నది. ఒకసారి ఇచ్చిన ఉత్తరువు శిలాశాసనము కాదు. పరిస్థితులు మారినచో దానిని మార్చుమని కోరవచ్చును.

ఏ ఒడ్డున అర్జీ పెట్టవలెను? సంరక్షణ విషయమున బిడ్డ మామూలుగా నివసించు చోటి న్యాయస్థానమునకు అధికారము కలదు. 1984 చట్టము క్రింద కుటుంబ న్యాయస్థానము ఏర్పడిన చోట అందును, లేని చోట జిల్లా న్యాయస్థానమునందును విచారణ జరుగును. మనోవర్తికై తల్లి తాను నివసించు చోటనే అర్జీ పెట్టవచ్చును. రాష్ట్రములు రెండైనను ఈ చట్టములు కేంద్రమువి. ఏటి కిరువైపుల అవే.

ఇక పోషణ సంగతి. క్రిమినల్ ప్రొసీజర్ కోడు 125వ సెక్షనుగా జనులెరిగిన మనోవర్తి నియమము 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షనైనది. ఇది అన్ని మతముల వారికి వర్తించును. తల్లిదండ్రులకు పెండ్లి జరిగినను, జరుగకున్నను బిడ్డకు హక్కు కలదు. ముస్లిము తల్లిదండ్రులు విడిపోయినను తండ్రి బిడ్డలను పోషింపవలసినదే యని 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. పూర్వము ఈ సెక్షను క్రింద నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించుటకు వీలులేకుండెను. 2001లో ఆ హద్దును తొలగించిరి. కేసు తేలులోపల బిడ్డ పస్తుండరాదు గనుక మధ్యంతర మనోవర్తి అర్జీని, నోటీసు అందిన నాటి నుండి వీలైనంతవరకు 60 దినములలో తేల్చవలెనని ఆ సవరణలోనే చేర్చిరి.

ఎంత ఇప్పింతురు? దీనికి కట్టుదిట్టమైన పట్టిక లేదు. బిడ్డ తిండి, బట్ట, వైద్యము, చదువు ఒకవైపు. తల్లిదండ్రుల రాబడి మరియొకవైపు. 2020లో రజనీష్, నేహా కేసులో సుప్రీంకోర్టు ఇరువురును తమ ఆస్తులు, అప్పులు, ఆదాయము ప్రమాణ పత్రముతో తెలుపవలెననియు, మనోవర్తిని అర్జీ పెట్టిన నాటి నుండి లెక్క కట్టవలెననియు చెప్పినది. తల్లి కూడ సంపాదించునదైనచో ఆమెకును బాధ్యత కలదు. 2000లో పద్మజా శర్మ కేసున తల్లి జీతము తండ్రి జీతములో ఇంచుమించు సగముండగా, బిడ్డల ఖర్చును తండ్రి రెండు పాళ్లు, తల్లి ఒక పాలు భరింపవలెనని తీర్పు వచ్చినది. మన ఊరి లెక్కలో చెప్పవలెనన్న, తండ్రికి నెలకు 20,000, తల్లికి 10,000 వచ్చుననుకొందము. బిడ్డకు 6,000 కావలసినచో ఆ పద్ధతిని తండ్రి వంతు 4,000, తల్లి వంతు 2,000 అగును.

“నాకు జీతము కాగితమెక్కడిది? కూలివాడను” అనిన చెల్లదు. ఒడలిలో శక్తి గలవాడు కాయకష్టము చేసియైనను భార్యాబిడ్డలను పోషింపవలెనని 2022లో అంజూ గార్గ్ కేసున సుప్రీంకోర్టు చెప్పినది. ఉత్తరువు వచ్చినను చెల్లింపనిచో మేజిస్ట్రేటు వారంటుతో బకాయి వసూలు చేయింపవచ్చును. అప్పటికిని చెల్లనిచో ప్రతి నెల బకాయికి ఒక నెల వరకు జైలు విధింపవచ్చును. జైలుకు పోయినంత మాత్రమున బాకీ తీరదు. అయితే బకాయి పడిన ఏడాదిలోపల వసూలుకై అర్జీ పెట్టవలెను. ఈ గడువును ఎరుగక నష్టపోరాదు.

ఇప్పుడు పంచాయతిలోని ఆ రెండు మాటలకు వత్తము. బిడ్డను చూపలేదని తండ్రి మనోవర్తి ఆపరాదు. మనోవర్తి రాలేదని తల్లి, కోర్టు ఇచ్చిన సందర్శన ఉత్తరువును తనంతట తాను త్రోసివేయరాదు. ఎవరికి కష్టము కలిగినను న్యాయస్థానమునకు చెప్పుకొనవలెను. తండ్రి వలన బిడ్డకు అపాయముండునేని ఆ సంగతియు అక్కడనే చెప్పి, కలుసుకొనుటకు కట్టుబాట్లు కోరవలెను. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు బిడ్డకు ఇరువురి ప్రేమయు కావలెననియు, దూరమున నున్నవారు ఫోనులోనో వీడియోలోనో రోజూ కొన్ని నిమిషములు మాటాడుటకు వీలుండవలెననియు చెప్పినది. ఏటి ఆవల నున్న తండ్రికి అది చిన్న వరము కాదు.

ఉపాధ్యాయులకు ఇందులో పనియేమి? చాల కలదు. ఇల్లు రెండైన బిడ్డకు మారకుండ నిలువగల చోటు బడియే. 2009 నాటి విద్యాహక్కు చట్టము 5వ సెక్షను ప్రకారము బడి మారు బిడ్డకు ప్రధానోపాధ్యాయుడు బదిలీ పత్రమును వెంటనే ఇయ్యవలెను. అది చేతికి అందుట ఆలస్యమైనదని చేర్చుకొనబోవు బడి ఆ బిడ్డను ఆపరాదు. పైన మనమూహించిన బాలిక సోమశిల బడి గడపలో నిలిచినచో, టి.సి. రాలేదని గాని, నాయన సంతకము లేదని గాని ఇంటికి పంపక పలకరించి బెంచీ మీద కూర్చుండబెట్టుట ధర్మమును, చట్టమును కూడ. కోర్టు ఉత్తరువు ఉన్నచో దాని ప్రతి అడిగి దాచవలెను. బిడ్డను ఎవరి చేతికి అప్పగింపవచ్చునో దాని వలన తెలియును. హాజరు పట్టీ నిజముగా వ్రాయవలెను. రేపు న్యాయాధిపతికి అదియే సాక్ష్యము కావచ్చును. తరగతి నడుమ “మీ నాయన వచ్చినాడా?” అని మాత్రము అడుగరాదు. ఉపాధ్యాయుడు ఇరువురిలో ఎవరి పక్షమును వహింపక బిడ్డ పక్షమున నుండవలెను.

స్త్రీలకును, పిల్లలకును రాబడితో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సహాయము పొందు హక్కును 1987 చట్టము ఇచ్చినది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక అర్జీ వ్రాసి పెట్టుట పంతులుగారికి అరగంట పని. ఆపదలో ఉన్న బిడ్డకు 1098 అను ఫోను నంబరు కలదు. అది నల్లబల్ల మీద ఒక మూల ఎల్లప్పుడును ఉండదగినది.

విద్యార్థులారా, మీలో ఎవరికైన ఇట్టి కష్టము వచ్చియున్నచో ఒక్క మాట వినుడు. అమ్మానాన్నలు విడిపోవుట మీ తప్పు కాదు. అమ్మ వద్ద నుండి నాన్నను తలచుకొనుట ద్రోహము కాదు. మీ ఫీజు, మీ పుస్తకములు, మీ అన్నము ఒకరు జాలి తలచి వేయు భిక్షము కాదు. అవి మీకు రావలసినవి.

సోమశిలలో నీరు పెరుగుచుండగా ఈ గుడి ఎవరిదని వాదించుచు కూర్చున్నచో నేడు మనకు గుడి లేదు. కాపురమొకటి మునుగునప్పుడును పెద్దలు మొదట చేయవలసిన పని, బిడ్డను మెరక నేలకు చేర్చుట. కారణములు, తప్పొప్పులు తరువాత తీరికగా విచారింపవచ్చును.